కట్టు, సూది, కోత: చేతివేళ్ల బాధకు ఏది మేలు?

చెయ్యి నొప్పెడితే మన డెల్టాలో తిన్నగా డాక్టరు దగ్గరికి వెళ్లేవాళ్లు తక్కువ. ముందు ఇంట్లో ఆముదం, తర్వాత మెడికల్ షాపు మాత్ర, ఆపైన ఊళ్లో ఆర్‌ఎంపీ సూది, అప్పటికీ లొంగకపోతే కట్టు కట్టే మనిషి. ఇవన్నీ అయ్యాకే అమలాపురమో భీమవరమో బస్సెక్కుతాం. ఈ వరస ప్రతిసారీ తప్పని నేననను. చేతి బాధల్లో చాలావాటికి కొన్ని వారాలు ఆగినా కొంప మునగదు. చిక్కల్లా, దేనికి ఆగొచ్చో దేనికి ఆగకూడదో నొప్పిని బట్టి తేల్చుకోవడంలో ఉంది. చేతి విషయంలో నొప్పి చెప్పే సాక్ష్యం నమ్మలేం. బొటనవేలి మొదట్లో ప్రాణం లాగేసే నొప్పి నెల రోజులు ఆగినా పెద్దగా పోయేదేం లేదు. మూడో రోజుకే నొప్పి తగ్గిపోయిన చిన్న కత్తిగాటు మాత్రం, ఆ వేలు ముడుచుకోకపోతే, ఆ వారం దాటకూడదు. వేలికి స్పర్శ ఉందా, మడవగలుగుతున్నామా, చాచగలుగుతున్నామా అన్నవే అడగాల్సిన ప్రశ్నలు.

అన్నిటికంటే ఎక్కువ గందరగోళం తిమ్మిరితో. నర్సాపురం, పాలకొల్లు వైపు లేసు అల్లే ఆడవాళ్లను అడగండి, చెబుతారు: రాత్రి రెండింటికి చెయ్యి మొద్దుబారి మెలకువ వస్తుంది, లేచి కూర్చుని విదిలిస్తే సర్దుకుంటుంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరం వేలిలో సగం తిమ్మిరెక్కుతాయి, చిటికెన వేలు బాగానే ఉంటుంది. దీన్ని కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారు. మణికట్టు ఎముకలకీ, వాటి మీద అడ్డంగా ఉండే గట్టి పీచులాంటి లిగమెంటుకీ మధ్య ఉన్న ఇరుకు దారిలోంచి తొమ్మిది టెండన్లు (కండను ఎముకకు కలిపే తాళ్లు), ఒక నరం వెళ్తాయి. లోపల కాస్త వాచినా ముందు నలిగేది నరమే. చేతిపని ఒక్కటే కారణం కాదు. షుగరు, థైరాయిడ్ తక్కువగా ఉండటం, గర్భం, కీళ్లవాతం, ఒళ్లు పెరగడం, వీటిలో ఏది ఉన్నా రావచ్చు. అందుకే ఈ తిమ్మిరితో వెళ్లినవాళ్లకు మంచి డాక్టరు షుగరు, థైరాయిడ్ పరీక్షలు కూడా రాస్తారు. అనవసరపు ఖర్చని గొణుక్కోవద్దు.

దీనికి మన ఊళ్లలో ఎక్కువగా దొరికేది నరాల వీక్‌నెస్ అనే మాట, దాంతోపాటు వరసగా బలం సూదులు. బి12 నిజంగా తక్కువైతే తిమ్మిరి వస్తుంది, కాదనను. కానీ అది సాధారణంగా పాదాల నుంచి మొదలై రెండు వైపులా కనిపిస్తుంది. మూడున్నర వేళ్లకే పరిమితమై రాత్రిపూట లేపే తిమ్మిరికి బలం సూది చేసేదేమీ లేదు. నలిగే నరం మీది బరువు దాంతో దిగదు.

అసలు పోటీ పట్టీకీ, వాపు తగ్గించే స్టెరాయిడ్ సూదికీ, ఆపరేషన్‌కీ మధ్య. పట్టీ అంటే సాగే గుడ్డ పట్టీ కాదు, లోపల రేకు ఉండి మణికట్టును తిన్నగా నిలిపేది. రాత్రి పడుకునేటప్పుడు కట్టుకోవాలి, కనీసం ఆరు వారాలు. నాలుగు రోజులు కట్టి పని చేయలేదని అటక మీద పడేసేవాళ్లే ఎక్కువ. సూది అయితే తొందరగా తగ్గిస్తుంది. ఈ రెండింటినీ పోల్చి బ్రిటన్‌లో చేసిన అధ్యయనం ఒకటి 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఆరు వారాల దగ్గర సూదిదే పైచేయి, ఆరు నెలలకు వచ్చేసరికి రెంటికీ పెద్ద తేడా లేదు. కాబట్టి లేసు ఆర్డరు నెత్తి మీదుండి, పండగలోపు పని తెమలాలంటే సూది. తొందర లేకపోతే పట్టీ. గర్భిణికైతే నా ఓటు పట్టీకే, కాన్పు తర్వాత చాలామందికి దానంతటదే సర్దుకుంటుంది కాబట్టి.

ఆపరేషన్ మాట వినగానే జనం బెదిరిపోతారు. నిజానికి చిన్నదే. చేతికి మాత్రమే మత్తు ఇచ్చి ఆ అడ్డు లిగమెంటు కోస్తారు, చాలామంది అదే రోజు ఇంటికొస్తారు. రాత్రి తిమ్మిరి తొందరగానే పోతుంది. అరచేతి మొదట్లో నొప్పి, పట్టు తగ్గడం మాత్రం కొన్ని వారాల నుంచి మూడు నెలల దాకా ఉండొచ్చు. కొబ్బరికాయలు ఒలిచేవాళ్లు ఆ మాట ముందే లెక్కలో వేసుకోవాలి. ఆపరేషన్‌ను ఇక వాయిదా వేయకూడని గుర్తులు ఉన్నాయి: తిమ్మిరి రాత్రీపగలూ వదలకపోవడం, బొత్తాం పెట్టుకోలేకపోవడం, చేతిలోంచి గ్లాసులు జారిపోవడం, బొటనవేలి కింద ఉండే కండ పల్చబడి గుంట పడటం. ఈ దశలో తిమ్మిరి పెరిగి నొప్పి తగ్గినట్టు అనిపిస్తుంది, తగ్గుతోందని సంతోషించేది కూడా అప్పుడే. కండ ఒకసారి కరిగాక ఆపరేషన్ చేసినా పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

తిమ్మిరి చిటికెన వేలు, ఉంగరం వేలి వైపు ఉంటే కథ వేరు. నలిగేది మోచేతి దగ్గరి అల్నార్ నరం కావచ్చు. ఒంటి మీద స్పర్శ లేని పాలిపోయిన మచ్చ కూడా ఉంటే, వేళ్లు కొంకర్లు పోతుంటే కుష్ఠు ఉందేమో చూడమని మీరే నోరు తెరిచి అడగండి. సిగ్గుపడి దాచుకునే జబ్బు కాదది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందు ఉచితం, 6 నుంచి 12 నెలల్లో నయమవుతుంది. ఆలస్యమైతే మందు సూక్ష్మజీవిని చంపుతుంది కానీ పోయిన స్పర్శను తేలేదు.

వేలు ముడిస్తే పట్టేసి, టక్కుమని తెరుచుకునే ట్రిగ్గర్ ఫింగర్‌కు నా ఓటు ముందు సూదికే. అరచేతిలో వేలి మొదట టెండను దూరే కప్పీ బిగుసుకుపోవడం వల్ల వస్తుంది. ఒక్క సూదితో సగానికి పైగా జనానికి తగ్గుతుంది. షుగరున్నవాళ్లలో ఫలితం కాస్త తక్కువ, పైగా సూది తర్వాత కొన్ని రోజులు షుగరు పెరుగుతుంది కాబట్టి రోజూ చూసుకోవాలి. రెండు మూడు సూదులకు లొంగకపోతే ఇంకోటి పొడిపించుకోవడం కంటే చిన్న కోత మేలు. చంటిబిడ్డను ఎత్తీ దించీ బాలింతల మణికట్టుకు బొటనవేలి వైపు వచ్చే నొప్పికీ ఇదే దారి: ముందు బొటనవేలిని కూడా పట్టి ఉంచే పట్టీ, లొంగకపోతే సూది. ఒక్క సంగతి, ఇక్కడ చర్మం పల్చన. సూది వేసినచోట తెల్లగా మచ్చ పడే అవకాశముంది, మన రంగు మీద అది బాగా కనబడుతుంది. డాక్టర్లు చెప్పడం మరిచిపోయే ముక్క ఇది.

ఇక గోరుచుట్టు. నిమ్మకాయ వేలికి తొడగని ఇల్లు గోదావరి జిల్లాల్లో ఉండదేమో. మొదటి ఒకటి రెండు రోజులు, చీము పట్టకముందు, నిమ్మకాయకంటే గోరువెచ్చని ఉప్పునీళ్లలో రోజుకు మూడు నాలుగుసార్లు వేలు ముంచడం మేలు. వాచిన వేలికి బిగుతుగా కాయ తొడిగితే ఇంకా నొక్కుకుపోతుంది, లోపల చీమేమో అలాగే ఉంటుంది. తెల్లగా చీము కనబడిందంటే డాక్టరు చేత చిన్న గాటు పెట్టించి తీయించడమే. మాత్రలతో నెట్టుకొస్తే ఆలస్యం తప్ప లాభం లేదు. రొయ్యల షెడ్డుల్లో పనిచేసేవాళ్లకు మళ్లీ మళ్లీ వచ్చే గోరుచుట్టు వేరే రకం. రోజంతా నీళ్లలో, ఐసులో నానడంతో గోరు చుట్టూ చర్మం విడిపోతుంది. దానికి యాంటీబయాటిక్ కోర్సుల మీద కోర్సులు మింగడం వృథా. రబ్బరు గ్లౌజు లోపల నూలు గ్లౌజు వేసుకోవాలి, చెయ్యి పొడిగా ఉంచుకోవాలి, చర్మ డాక్టరు రాసిన పూత వాడాలి.

రొయ్య ముల్లు, చేప ముల్లు గుచ్చుకుంటే ఇంకో రెండు ప్రమాదాలున్నాయి. ఉప్పునీటి సూక్ష్మజీవుల్లో కొన్ని గంటల్లోనే చేతిని ఎర్రగా, నీటి బొబ్బలతో ముంచేస్తాయి. షుగరు, లివరు జబ్బు ఉన్నవాళ్లకు ప్రాణం మీదికొస్తుంది. ఇంకో రకం నింపాదిగా వస్తుంది: గుచ్చుకున్న కొన్ని వారాలకు మానని గడ్డ. అప్పుడు డాక్టరుకు చెరువులో పనిచేస్తానని చెప్పి తీరాలి, ఆ మాట లేకపోతే మామూలు మందులు రాసి పంపేస్తారు.

అలాగే వేలు మొత్తం ఒకేలా ఉబ్బి, సగం ముడుచుకుని ఉండి, అరచేతి వైపు పొడుగునా నొక్కితే నొప్పి, ఎవరైనా చాచబోతే అరుపు, ఈ నాలుగూ కలిస్తే టెండను గొట్టంలో చీము చేరిందన్నమాట. అమెరికన్ సర్జన్ అలెన్ కనవెల్ చెప్పిన గుర్తులివి, వందేళ్లు దాటినా చేతి వైద్యంలో ఇప్పటికీ ఇవే చూస్తారు. తెల్లారేదాకా ఆగకూడదు.

కట్టు కట్టేవాళ్ల సంగతి చెప్పకపోతే కథ పూర్తవదు. పుత్తూరు కట్టు పేరు చెప్పి మన వైపూ చాలామంది కడుతున్నారు. బెణుకు అని తేలిన తర్వాత నూనె రాయించుకుంటే నాకేం అభ్యంతరం లేదు. తేలకముందు మాత్రం ఎక్స్‌రేనే మేలు. బురద గట్టు మీద జారి చెయ్యి ఆన్చి పడితే, బొటనవేలు చాచినప్పుడు మణికట్టు పక్కన పడే గుంటలో నొక్కి చూడండి. అక్కడ నొప్పి ఉంటే స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక విరిగి ఉండొచ్చు. తమాషా ఏమిటంటే మొదటి ఎక్స్‌రేలో అది కనబడకపోవచ్చు. బాగుందని కట్టు విప్పేయకుండా 10 నుంచి 14 రోజులకు మళ్లీ తీయించాలి. రక్తం సరిగా అందని ఎముక కాబట్టి అతుక్కోకుండా మిగిలిపోతే ఏళ్ల తర్వాత మణికట్టు అరిగిపోతుంది. ఎవరు కట్టినా, కట్టిన తర్వాత వేళ్లు చల్లబడినా, నీలంగా మారినా, నొప్పి తెగ పెరిగినా వెంటనే కట్టు విప్పించాలి. పొద్దున్న వెళ్దాంలే అన్న చోటే చేతులు శాశ్వతంగా కొంకర్లు పోయేది.

బంతి తగిలి వేలి కొస వాలిపోయి లేవకపోతే, దానికి ఆపరేషన్‌కంటే చిన్న బద్ద మేలు, ఎముక ముక్క పెద్దగా విరగకపోతే. కానీ 6 నుంచి 8 వారాలు రాత్రీపగలూ తీయకూడదు. స్నానానికి తీసినప్పుడు ఒక్కసారి కొస వంగినా లెక్క మళ్లీ మొదటికే.

మణికట్టు మీది నీటి గడ్డకు బాధ లేకపోతే ఏమీ చేయకపోవడమే మేలు. ఇక రెండు చేతుల వేళ్ల కణుపులు వాచి, పొద్దున గంటకు పైగా బిగుసుకుని, ఆరు వారాలు దాటినా తగ్గకపోతే ఎముకల డాక్టరు కంటే కీళ్లవాతం చూసే రుమటాలజిస్టు మేలు. అది కోతతో పోయేది కాదు, మందు ఎంత తొందరగా మొదలైతే కీలు అంత నిలుస్తుంది.

చివరికి కత్తిగాట్లు. కొబ్బరి బొండాల కత్తులు, కోత కొడవళ్లు, సంక్రాంతి బరుల్లో కోడికత్తులు, మన దగ్గర కరువేమీ లేదు. దగ్గర్లోని క్లినిక్‌లో నాలుగు కుట్లు వేయించుకోవడం మేలా, కాకినాడ దాకా పోవడం మేలా? గాయం సైజు చూసి తేల్చొద్దు. వేలి మధ్య కణుపు కదలకుండా పట్టుకుని కొస మడవమనండి. వేలి కొసకు రెండు పక్కలా దూదితో తాకి స్పర్శ ఉందో లేదో అడగండి. రెండూ బాగుంటే దగ్గర్లోని కుట్లే చాలు, టిటి సూది మరవకండి. ఒక్కటి తేడా వచ్చినా లోపల టెండనో నరమో తెగినట్టే. పైన చర్మం కుట్టేస్తే గాయం అందంగా మానుతుంది, వేలు మాత్రం ముడుచుకోదు. మొదటి కొద్ది రోజుల్లో, మహా అయితే వారం పది రోజుల్లో చేతి ఆపరేషన్లు చేసే ఎముకల సర్జనో ప్లాస్టిక్ సర్జనో అతికితే సరి. వారాలు గడిస్తే తెగిన కొస అరచేతిలోకి లాక్కుపోతుంది, అప్పుడు ఇంకోచోటి టెండను తెచ్చి వేయాల్సి రావచ్చు. బయల్దేరే ముందు ఆ ఆసుపత్రిలో అలాంటి సర్జను ఆ రోజు ఉన్నారో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. యానాం–ఎదుర్లంక వంతెన దాటి అంత దూరం వెళ్లాక రేపు రమ్మంటే ఏం లాభం?

వేలు పూర్తిగా తెగిపడితే తెగిన ముక్కను శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి గట్టిగా మూతి కట్టి, ఆ సంచిని ఐసు కలిపిన నీళ్లలో ఉంచాలి. రొయ్యల లోడులో పెట్టినట్టు ముక్కను నేరుగా ఐసు మీద పెడితే అది గడ్డకట్టి పనికిరాకుండా పోతుంది. గాయాన్ని గుడ్డతో గట్టిగా నొక్కి చెయ్యి ఎత్తి పట్టుకోవాలి, తాడుతో బిగించకూడదు. మిగిలిన వేళ్లకు ఉంగరాలుంటే వాపు రాకముందే తీసేయండి. బంగారమైనా సరే, రాకపోతే కోయించండి.