మాయా ఊరి కుండల కోసం: గ్వాటెమాలా, ఎల్ సాల్వడార్ యాత్ర

మెక్సికో, మధ్య అమెరికాల్లోని ప్రాచీన మాయా నాగరికత అనగానే అందరూ టికాల్ అంటారు, చిచెన్ ఇట్జా అంటారు. పిరమిడ్ల ముందు ఫొటోలు దిగి వచ్చేస్తారు. తప్పేం లేదు, అవీ చూడాల్సినవే. కానీ ఆ పిరమిడ్లకు రాళ్లు మోసిన జనం ఏ గిన్నెలో తిన్నారు, నీళ్లు ఎందులో పట్టుకున్నారు, చిక్కుడు గింజలు పురుగు పట్టకుండా ఎక్కడ దాచారు అనే సంగతులు అక్కడ పెద్దగా కనబడవు. అవి చూడాలంటే ఎల్ సాల్వడార్‌లో అగ్నిపర్వతం బూడిద కింద పూడిపోయి బయటపడ్డ హోయా దె సెరేన్ అనే చిన్న ఊరికి పోవాలి. 1993లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన చోటు అది. అయినా మేం వెళ్లిన రోజు ఒక స్కూలు పిల్లల గుంపు, మేమూ తప్ప ఎవరూ లేరు.

ముందు దారి ఖర్చు సంగతి. భారతీయ పాస్‌పోర్టుతో తమ విమానాశ్రయం మీదుగా వచ్చేవాళ్లు వెయ్యి డాలర్ల ఫీజు కట్టాలని ఎల్ సాల్వడార్ 2023 అక్టోబరులో నిబంధన పెట్టింది. పన్నుతో కలిపి 1,130 డాలర్లు. నాది అమెరికా పాస్‌పోర్టు గానీ మా ఆయనది ఇంకా ఇండియాదే. "ఆ డబ్బుతో గ్వాటెమాలాలో హాయిగా తిరగొచ్చు, బస్సులో పోదాం" అన్నారు. అందుకే హ్యూస్టన్ నుంచి గ్వాటెమాలా సిటీకి విమానం, అక్కణ్ణుంచి శాన్ సాల్వడార్‌కి బస్సు. మీరు వెళ్లే ముందు ఫీజు సంగతి, వీసా సంగతి రెండూ ఎయిర్‌లైన్‌నీ కాన్సులేట్‌నీ అడిగి తేల్చుకోండి. ఇవి మారుతూ ఉంటాయి.

గ్వాటెమాలా సిటీలో జోన్ 10లో దిగాం. హోటళ్లు, తిండి, ఊబర్ అన్నీ అందుబాటులో ఉండే పేట. విమానాశ్రయమూ దగ్గరే. మా గది శుభ్రంగా ఉంది గానీ రోడ్డు వైపు ఇచ్చారు, రాత్రంతా మోటారు సైకిళ్ల మోత. వెనక వైపు గది అడిగి తీసుకోండి. పోపోల్ వూహ్ మ్యూజియం ఇదే జోన్‌లో, ఫ్రాన్సిస్కో మరొకిన్ విశ్వవిద్యాలయం ఆవరణలో ఉంది. చిన్నదే, కానీ మాయా కుండల విషయంలో దండిగా ఉంది. ఎత్తైన గొట్టం లాంటి రంగుల పాత్రలు, వాటి మీద సింహాసనం ఎక్కి కూర్చున్న దొరలు, మరుగుజ్జులు, కుందేళ్లు. గ్వాటెమాలా కొండల్లోని కిచె ప్రాంతం నుంచి వచ్చిన పెద్ద పెద్ద అస్థికల బానలు విడిగా ఉన్నాయి, వాటి ముందు కాసేపు ఆగాల్సిందే.

ఇలాంటి దొరల పాత్రల అంచు చుట్టూ ఒక వరస అక్షరాలు ఉంటాయి. ఇది తాగే పాత్ర, ఫలానా వారిది, ఇందులో పోసేది కకావ్ అని. కకావ్ అంటే కోకో పానీయం, చక్కెర లేని చాక్లెట్ అనుకోండి. గ్వాటెమాలాలోని పాత మాయా నగరం రియో అసుల్‌లో 1984లో బయటపడ్డ ఒక సమాధిలో మూత మెలితిప్పి బిగించే మట్టి పాత్ర దొరికింది. దాని మీద ఆ మాటే రాసి ఉంది. అడుగున మిగిలిన మడ్డిని పరీక్షిస్తే నిజంగానే కోకో ఆనవాళ్లు తేలాయని 1990లో ప్రకటించారు. ఆ పాత్ర ఈ మ్యూజియంలోది కాదు, కానీ ఈ సంగతి తెలిసి చూస్తే ఇక్కడి అంచు రాతలు వేరేగా కనబడతాయి. ఒక పూట చాలు. టికెట్ డబ్బుకు న్యాయం జరిగింది.

మర్నాడు సాంతా క్రూస్ చినౌట్లా. నగరానికి ఉత్తరాన లోయలో ఉన్న పొకొమామ్ మాయా వాళ్ల ఊరు, కుండలకు పేరు. సొంతంగా వెళ్లొద్దని హోటల్లో చెప్పారు, మాకూ అదే మంచిదనిపించింది. స్థానిక గైడ్‌ని మాట్లాడుకుని వెళ్లాం. ఊరి నేల జారిపోతోంది, ఇళ్లకు నిలువునా పగుళ్లు. 1976 భూకంపం తర్వాత చాలా కుటుంబాలు వేరే చోటికి తరలిపోయాయట. పక్కనే పారే వాగులో నగరం చెత్తంతా తేలుతోంది. ఫొటోలకు పనికొచ్చే ఊరు కాదు.

కానీ పని చూడాలంటే ఇక్కడే చూడాలి. ఇక్కడ కుండలు చేసేది ఆడవాళ్లు. కుమ్మరి సారె లేదు. ప్రాచీన మాయా వాళ్లకీ సారె తెలియదు, అంత గుండ్రటి పాత్రలన్నీ చేత్తో చేసినవే. మేం వెళ్లిన ఇంట్లో ఒక పెద్దావిడ మట్టి ముద్దను గుప్పిటతో గుంట చేసి, దాని అంచు మీద మట్టి పేట్లు పేర్చుకుంటూ లేపింది. లోపల ఎడమ చెయ్యి, బయట కుడి చెయ్యి, మధ్యలో గోడ పలచబడుతూ పైకి వస్తోంది. ఆరాక నున్నటి గులకరాయితో రుద్దుతుంది. ఆ రాయి వాళ్లమ్మదట. ఆవంలో కాదు, ఆరుబయట మంట పెట్టి కాలుస్తారు. నేను కిందికి వంగి చూస్తుంటే, "అమ్మాయీ, పట్టుకుని చూడు, విరగదులే" అన్నట్టు ఏదో అని చేతిలో పెట్టింది. గైడ్ నవ్వాడు.

అదే ఇంటి పెరట్లో నీళ్ల కుళాయి కింద ఉన్నవి చారల చారల ప్లాస్టిక్ బిందెలు. ఆకారం మాత్రం అచ్చం పాత మట్టి కడవదే, నెత్తిన మోయడానికి వీలుగా. గ్వాటెమాలాలో ఎక్కడ చూసినా ఇవే. మట్టి ఇప్పుడు పావురాలు, దేవదూతలు, క్రిస్మస్ బొమ్మలుగా అమ్ముడుపోతోంది. రెండు పావురాలు కొన్నాం. బేరం ఆడలేదు, మీరూ ఆడకండి.

శాన్ సాల్వడార్ బస్సు కాగితం మీద ఐదు గంటలు. సరిహద్దులో లైను, దారిలో రోడ్డు పని కలిసి చీకటి పడింది. సీట్లు బాగున్నాయి, ఏసీ మాత్రం చలికాలం ఢిల్లీలా వేశారు, శాలువా ఉంచుకోండి. టికెట్ అమ్మినప్పుడు హోటల్ దగ్గర దింపుతామన్న కంపెనీ, ఊరు చేరాక తమ ఆఫీసు ముందే దింపి చేతులు దులుపుకుంది. ఊబర్ దొరికింది కాబట్టి సరిపోయింది. ఎల్ సాల్వడార్‌లో డాలరే నడుస్తుంది. చిల్లర నోట్లు తీసుకెళ్లండి, ఇరవై నోటు ఇస్తే చిన్న షాపుల్లో మొహం చిట్లిస్తారు.

బస శాన్ బెనితో పేటలో. ఈ పేటనే ఎంచుకోండి, ఎందుకంటే జాతీయ మానవశాస్త్ర మ్యూజియం ఇక్కడికి దగ్గరే. మా గెస్ట్‌హౌస్‌లో వేణ్ణీళ్లు, వైఫై, మంచి కాఫీ. శాకాహారం అని ముందే మెయిల్ పెట్టినా పొద్దున ప్లేటులో చిక్కుడు ముద్ద పంది కొవ్వులో వేయించి పెట్టారు. వాళ్ల లెక్కలో మాంసం ముక్క లేకపోతే అది శాకాహారమే. 'సిన్ మంతేకా', అంటే కొవ్వు లేకుండా, అని విడిగా చెప్పాలి. మమ్మల్ని కాపాడింది పుపూసా. మొక్కజొన్న పిండి రొట్టె లోపల చిక్కుడు, చీజ్ పెట్టి పెనం మీద కాలుస్తారు, పులిసిన క్యాబేజీ నంజుకుని చేత్తో తినాలి. లొరోకో అనే తీగ మొగ్గలు వేసింది అన్నిటికంటే రుచి. రెవుయెల్తా అంటే మాత్రం పంది మాంసం కలిసి ఉంటుంది, అది వద్దనండి.

ఇక సెరేన్. శాన్ సాల్వడార్ నుంచి సుమారు 35 కిలోమీటర్లు. బస్సులున్నాయి, మేం కారు మాట్లాడుకుని డ్రైవర్‌ని అక్కడే ఉంచుకున్నాం, తిరుగు బండి కోసం టెన్షన్ లేకుండా. 1976లో ధాన్యం గోదాముల కోసం నేల చదును చేస్తుంటే బుల్డోజరుకు ఒక మట్టి ఇల్లు తగిలింది. అంత చెక్కుచెదరకుండా ఉండేసరికి మొన్నమొన్నటిదేమో అనుకున్నారు. 1978లో అమెరికా పురావస్తు శాస్త్రవేత్త పేసన్ షీట్స్ వచ్చి పైకప్పు గడ్డిని పరీక్ష చేయిస్తే దాదాపు 1,400 ఏళ్ల నాటిదని తేలింది. ఊరికి 600 మీటర్ల దూరంలో లోమా కాల్దెరా అనే అగ్నిపర్వత బిలం పేలి, ఊరు ఊరంతా బూడిద కింద పడింది. పొరలు లెక్కపెడితే పద్నాలుగు. మనుషుల అస్థిపంజరాలు దొరకలేదు, అందరూ పారిపోయారన్నమాట. ఒక బాతు మాత్రం తాడుతో కట్టి ఉన్నది కట్టినట్టే ఉండిపోయింది.

నిజం చెప్పాలంటే మొదటి చూపులో ఏమీ అనిపించదు. రేకుల షెడ్ల కింద గోతులు, గోతుల్లో మట్టి గోడలు, చుట్టూ రెయిలింగు. లోపలికి దిగనివ్వరు, మంచిదే. మా ఆయన చెవిలో, "దీనికోసమా సరిహద్దు దాటింది?" అన్నారు. గైడ్ నోరు తెరిచాకే ఊరు కనబడుతుంది. గైడ్ లేకుండా వెళ్తే ఈ చోటు వృథా. మాకు స్పానిష్ మాట్లాడే కుర్రాడు దొరికాడు. ఫోన్‌లో అనువాదం పెట్టుకుని, మధ్యలో చేతులూ వాడుకుని నెట్టుకొచ్చాం. టికెట్ డబ్బు తక్కువే, గైడ్‌కి టిప్పు బాగా ఇవ్వండి.

ఇల్లంటే ఒకే కట్టడం కాదు ఇక్కడ. పడుకోవడానికి ఒకటి, సామాన్ల కొట్టు ఒకటి, వంటిల్లు ఒకటి, మూడూ విడివిడిగా. తడికలకు మట్టి మెత్తిన గోడలు, గడ్డి కప్పు. వంటింట్లో మూడు రాళ్ల పొయ్యి. సందు దొరికిన చోటల్లా కుండలు: నీళ్లకు ఇరుకు మెడవి, వంటకూ నిల్వకూ వెడల్పు మూతివి, వడ్డనకు గిన్నెలు, రంగు కలుపుకోవడానికి బుల్లి బుల్లి కప్పులు. ఒక్కో ఇంటికి డెబ్బై దాకా మట్టి పాత్రలు ఉండేవట. రైతు ఇంట్లో డెబ్బై! ఇవి కాక రంగులు వేసిన సొరబుర్రలు. కొన్ని కుండలకు చెవులు ఉన్నాయి, తాడు వేసి వాసాలకు వేలాడదీసేవారు. మన ఉట్టే. కొట్టులో కుండల్లో చిక్కుడు గింజలు గింజలుగానే దొరికాయి. పైకప్పుకు మిరపకాయల తోరణాలు వేలాడేవి. అబ్సిడియన్ అనే అగ్నిపర్వత గాజు రాయితో చేసిన పదునైన కత్తుల్ని చూరులో దోపారు, పిల్లలకు అందకుండా.

పేలుడు సాయంత్రం పూట, ఆగస్టు ప్రాంతంలో జరిగిందని లెక్క కట్టారు. చేలో మొక్కజొన్న కంకులు ఆరడానికి మొక్కల్ని వంచి ఉంచారు. తిన్న గిన్నెలు ఇంకా కడగలేదు, చాపలు ఇంకా పరవలేదు. ఒక గిన్నె లోపలి గోడకు చివరి ముద్ద కోసం వేళ్లతో తుడిచిన గీతలు ఉండిపోయాయట. ఆ గిన్నె మాకు చూపించలేదు, గైడ్ తన అరచేతిలో వేళ్లు తిప్పి చూపించాడు.

తవ్విన ఇళ్లలో రెండో ఇంటివాళ్లు సొరబుర్రలకు రంగులు వేసేవాళ్లు. మొదటి ఇంట్లో సన్నికల్లు లాంటి నూరుడు రాళ్లు అవసరానికి మించి ఉన్నాయి, రాళ్లు చెక్కడం వాళ్ల పని అయ్యుంటుంది. ఎవరి సరుకు వాళ్లు అమ్ముకుని ఉప్పు, కత్తులు, రంగుల గిన్నెలు కొనుక్కునేవారు. ఒక పెద్ద కట్టడంలో అరుగు, అరుగు మీద పెద్ద బాన. రచ్చబండ లాంటి చోటని, ఆ బానలోంచి పానీయం పంచేవారని అంటారు. ఇంకో కట్టడం పండగల వంటకు. అక్కడ ఎర్ర రంగు వేసిన జింక పుర్రె తలపాగా, దాని చుట్టూ పెద్ద కాగులు. గుమ్మటం ఉన్న ఆవిరి స్నానపు గది కూడా ఉంది. దాని నమూనా విడిగా కట్టారు, అందులోకి వంగి దూరొచ్చు. స్కూలు పిల్లలు బయటికి రాకపోతే మా వంతు వచ్చేది కాదు.

అక్కడున్న చిన్న మ్యూజియంలో కొన్ని కుండలు ఉన్నాయి. ఒకటి ముక్కు ఆనించి చూశాను. పెద్ద కాగు. పైన పూసిన పలచటి మట్టి తడిగా ఉండగానే గీకి లాగిన వంకర చారలు, పొట్ట చుట్టూ అలలు అలలుగా. ఒక చోట చార తప్పి, మళ్లీ సరిచేసినట్టుంది. అడుగు నల్లగా మసి. ఇవి ఆ చుట్టుపక్కల చేసినవి. పక్కనే చిన్న రంగుల గిన్నె, ఎర్ర రంగులో సన్నటి మెరుపు. ఆ మెరుపు హెమటైట్ ఖనిజానిది. ఈ రకం కోపాన్ ప్రాంతం నుంచి వచ్చేది, ఇప్పటి హోండురాస్. అంచు చుట్టూ అక్షరాల పట్టీ ఉంటుంది గానీ అవి అక్షరాలు కావు, అక్షరాల్లా కనబడే బొమ్మలు. పోపోల్ వూహ్‌లో దొర పేరు రాసిన అంచు చూసి వచ్చిన కళ్లకు ఇది భలే అనిపించింది. ఊళ్లో ఎవరికి చదువు వచ్చు గనక? అయినా పండక్కి అంచు రాత ఉన్న గిన్నె కావాలి. మా ఆయనకు కూడా ఇక్కడే సరిహద్దు దాటిన డబ్బులు వసూలయ్యాయి.

దగ్గర్లోనే శాన్ ఆంద్రెస్ అనే పాత మాయా శిథిలాల చోటు ఉంది, పాలకుల గుట్టలూ మైదానమూ. పచ్చగా బాగుంది, కుండల కోసం వెళ్లేవాళ్లకు తప్పనిసరి కాదు. అక్కడ స్పెయిన్ వలస పాలన నాటి నీలిమందు తొట్టెలు ఉన్నాయి, 1658లో ఇంకో అగ్నిపర్వతం పేలి పూడ్చేసింది. కడప వైపు వాళ్లకు నీలిమందు పాత పేరే కాబట్టి ఆసక్తి ఉంటే ఒక గంట ఇవ్వండి. ఎండకు టోపీ తప్పనిసరి.

శాన్ సాల్వడార్‌లోని జాతీయ మ్యూజియాన్ని సెరేన్ అయ్యాకే చూడాలని నా గట్టి అభిప్రాయం. ముందు చూస్తే అవి అద్దాల వెనక కుండలు. తర్వాత చూస్తే ఏది వంటింటిది, ఏది కొట్టుది, ఏది పండగది అని మీరే చెప్పగలుగుతారు. గదులు విశాలంగా, చల్లగా ఉన్నాయి. వివరాలు చాలావరకు స్పానిష్‌లోనే, ఫోన్ ఛార్జింగ్ పెట్టుకుని వెళ్లండి.

నడకకు ఇబ్బంది ఉన్న పెద్దవాళ్లు ఉంటే సెరేన్ సులువే, పిరమిడ్ల మెట్ల బాధ లేదు. చిన్నపిల్లలకు గంటలో విసుగు వస్తుంది. గ్వాటెమాలా, ఎల్ సాల్వడార్ రెండింటిలో ఒకటే కుదిరితే, కుండల కోసమైతే నేను ఎల్ సాల్వడార్‌కే ఓటేస్తాను. సోమవారం సెరేన్‌కూ మ్యూజియానికీ సెలవు, కాబట్టి బస్సు ఆదివారం రాత్రికి చేరేలా కొనకండి.