పీఎన్‌పీఎం స్టోర్: నెట్ పోయిన రోజు కూడా ప్రాజెక్టు నిలబడుతుంది

జావాస్క్రిప్ట్ ప్రాజెక్టుకు కావాల్సిన ప్యాకేజీలను, అంటే ఇతరులు రాసిపెట్టిన కోడ్ మూటలను, నెట్ నుంచి దింపిపెట్టే సాధనం పీఎన్‌పీఎం (pnpm). అది వేగంగా ఉంటుందనీ, డిస్కు తక్కువ తింటుందనీ ఇప్పటికే చాలామంది రాశారు. దాన్ని ఎట్టా ఎక్కించుకోవాలో కూడా ఎక్కడైనా దొరుకుతుంది. అవన్నీ వదిలేస్తున్నా. ఒంగోలు, కావలి, నెల్లూరుల్లో కూర్చుని వెబ్ అప్లికేషన్లు రాసేవాళ్లకు దానిలో ప్రాణం లాంటి సంగతి ఒకటుంది. ఏ ప్యాకేజీ ఏ వెర్షనో రాసి ఉండే లాక్‌ఫైల్, దింపిన ప్యాకేజీలను దాచుకునే స్టోర్ చేతిలో ఉంటే చాలు, ఇంటర్నెట్ చుక్క కూడా లేకుండా నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ (ప్రాజెక్టులో ప్యాకేజీలు ఉండే చోటు) మొత్తాన్ని మళ్లీ కట్టేస్తుంది. చాలాకాలంగా రోజూ వాడుతున్నాను. డెవలప్‌మెంట్ సెటప్‌లో ఇంత నమ్మకంగా అక్కరకొచ్చిన సాధనం ఇంకోటి కనపడలేదు.

మన తీరంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఏ వాయుగుండం పడినా ముందు పోయేది కరెంటు, ఆ వెనకే కేబుల్ నెట్. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అట్టాంటి వారాల్లో ఇన్వర్టర్ మీద లాప్‌టాప్ నడుస్తుంది గానీ ఫోను హాట్‌స్పాట్ మీద వందల ప్యాకేజీలు దిగవు. క్లయింటు పనికి గడువు మాత్రం ఆగదు. ఆ రోజున పనిచెయ్యాలంటే ఏర్పాటు ముందే ఉండాలి.

ఏర్పాటు అంటే పెద్ద తతంగమేం కాదు. నెట్ బాగున్నప్పుడు ప్రాజెక్టు ఫోల్డర్లో పీఎన్‌పీఎం ఫెచ్ అని కొడితే లాక్‌ఫైల్లో ఉన్న ప్యాకేజీలన్నీ స్టోర్‌లోకి దిగుతాయి. దానికి ప్యాకేజ్ డాట్ జేసన్ (ప్రాజెక్టుకు ఏ ప్యాకేజీలు కావాలో మనం రాసే ఫైలు) కూడా అక్కర్లేదు, లాక్‌ఫైల్ ఒక్కటి చూసుకుంటుంది. తర్వాత ఎప్పుడైనా పీఎన్‌పీఎం ఇన్‌స్టాల్ పక్కన ఆఫ్‌లైన్, ఫ్రోజెన్ లాక్‌ఫైల్ అనే రెండు ఫ్లాగులు పెట్టి నడిపితే సరి. ఫ్రోజెన్ లాక్‌ఫైల్ ఎందుకంటే, ఆ ఫ్లాగు లేకుండా ప్యాకేజ్ డాట్ జేసన్‌కీ లాక్‌ఫైల్‌కీ ఎక్కడన్నా తేడా ఉంటే పీఎన్‌పీఎం వెర్షన్లు మళ్లీ వెతకబోతుంది. వెతకడానికి ప్యాకేజీల వివరాలు కావాలి, అవి స్టోర్‌లో ఉండవు, వేరే క్యాష్ ఫోల్డర్లో ఉంటాయి. అక్కడ లేకపోతే నో ఆఫ్‌లైన్ మెటా అని ఎర్రర్ కొడుతుంది. నో ఆఫ్‌లైన్ టార్‌బాల్ అని వస్తే మాత్రం ప్యాకేజీయే దిగలేదని. ఈ రెండు ఎర్రర్లకీ తేడా తెలిస్తే సగం తలనొప్పి తగ్గుతుంది. మొదటిదానికి లాక్‌ఫైల్ సరిచూసుకోవాలి, రెండోదానికి నెట్ కావాల్సిందే.

ఇదే పని చేసే పాత సాధనం ఎన్‌పీఎంకి అన్యాయం చెయ్యకూడదు. దానికీ క్యాష్ ఉంది, ఆఫ్‌లైన్ ఫ్లాగూ ఉంది. కాకపోతే అది టార్‌బాల్ మూటలను దాచుకుని, ప్రతి ప్రాజెక్టుకూ మళ్లీ మూట విప్పి పూర్తి కాపీ పెడుతుంది. పీఎన్‌పీఎం ఒకేసారి విప్పి, ఫైళ్లను వాటి హాష్ (లోపలి సరుకును బట్టి లెక్కకట్టే గుర్తు) పేరుతో స్టోర్‌లో పెట్టుకుని, ప్రాజెక్టుల్లోకి హార్డ్ లింకులు (కాపీ కాదు, అదే ఫైలుకు ఇంకో పేరు) మాత్రం ఇస్తుంది. పాత హార్డ్ డిస్కు ఉన్న ల్యాబ్ కంప్యూటర్ మీద ఈ తేడా కళ్లకు కడుతుంది. చీమకుర్తి గ్రానైట్ స్లాబుల స్టాకు చూసే అప్లికేషనూ, రొయ్యల మేత అమ్మకాల అప్లికేషనూ ఒకే మెషీన్‌లో ఉన్నాయనుకోండి. రెండింటిలోనూ రియాక్ట్, వీట్, ఎక్స్‌ప్రెస్ అనే ప్యాకేజీలు అవే వెర్షన్లయితే డిస్కు మీద ఆ ఫైళ్లు ఒక్కసారే ఉంటాయి. ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో చూస్తే మాత్రం రెండుచోట్లా పూర్తి సైజు చూపిస్తుంది, అది చూసి కంగారు పడనక్కర్లేదు.

నేను ఇంతగా మెచ్చుకుంటున్న ఈ హార్డ్ లింకే పెద్ద చిక్కు కూడా తెచ్చిపెట్టింది. దాన్ని కాస్త వివరంగానే చెప్పాలి.

ఒక ప్రాజెక్టులో సర్వర్ వైపు ఒక రూట్ (వెబ్ చిరునామా దారి) ఎందుకు పట్టుకోవడం లేదో చూడ్డానికి, ఒకరు నోడ్ మాడ్యూల్స్ లోపలికి పోయి ఎక్స్‌ప్రెస్ ఫైల్లోనే ఒక కన్సోల్ లాగ్ లైను (టెర్మినల్లో ఒక మాట అచ్చేసేది) పెట్టారు. డీబగ్గింగ్‌లో అందరూ చేసే పనే, ఎన్‌పీఎంతో అయితే ఏ ముప్పూ లేదు. ఇక్కడ మాత్రం అసలు సంబంధం లేని రెండో ప్రాజెక్టు టెర్మినల్లో ఆ లైను అచ్చు కావడం మొదలైంది. ఆ ప్రాజెక్టు కోడంతా వెతికినా ఆ మాట ఎక్కడా లేదు. కోడ్ మార్పులను నమోదు చేసే గిట్‌లో మార్పు లేదు. సర్వర్ ఆపి లేపినా పోలేదు. నోడ్ మాడ్యూల్స్ చెరిపేసి ఆఫ్‌లైన్‌లో మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యబోతే, నిన్నటిదాకా బ్రహ్మాండంగా నడిచిన కమాండు నో ఆఫ్‌లైన్ టార్‌బాల్ అని ఆగిపోయింది.

కారణం తెలిస్తే అంతా ఒక వరసలో అర్థమవుతుంది. హార్డ్ లింకు అంటే ఒకే ఇంటికి రెండు వాకిళ్లు. ఏ వాకిట్లోంచి పోయి గోడకు రంగేసినా రంగు పడేది ఆ ఒక్క గోడకే. మొదటి ప్రాజెక్టులో మార్చిన ఫైలు, స్టోర్‌లో ఉన్న ఫైలు, రెండో ప్రాజెక్టులో ఉన్న ఫైలు మూడూ ఒకటే. ఇక ఇన్‌స్టాల్ ఎందుకు ఆగిందంటే, స్టోర్‌లో ఫైలు మారినట్టు కనపడితే లింకు ఇచ్చే ముందు పీఎన్‌పీఎం దాని హాష్ సరిచూస్తుంది. కుదరకపోతే ఆ ఫైలును నమ్మదు, ప్యాకేజీని మళ్లీ దింపబోతుంది. అంటే తన జాగ్రత్త తాను పడింది, అందులో తప్పు పట్టడానికేం లేదు. అయితే నెట్ లేని పూట ఆ జాగ్రత్తే దారి మూసేసింది.

దీనికి మందు ఉంది. పీఎన్‌పీఎం స్టోర్ స్టేటస్ అని కొడితే ఏ ప్యాకేజీలు చెడిపోయాయో పేర్లతో చెప్తుంది. నెట్ రాగానే ఫోర్స్ ఫ్లాగుతో ఇన్‌స్టాల్ చేస్తే వాటిని మళ్లీ తెచ్చుకుంటుంది. లైబ్రరీ ఫైల్లో చెయ్యి పెట్టాల్సి వస్తే సరైన దారి పీఎన్‌పీఎం ప్యాచ్. అది విడిగా ఒక కాపీ తీసిస్తుంది, దాన్ని మార్చుకుని ప్యాచ్ కమిట్ చేస్తే ఆ మార్పు ప్రాజెక్టులో ప్యాచెస్ ఫోల్డర్లో ఉండిపోతుంది, గిట్‌లోకి కూడా పోతుంది. రోజూ లైబ్రరీలు తెరిచి చూసే అలవాటున్న టీమైతే ప్యాకేజ్ ఇంపోర్ట్ మెథడ్ అనే సెట్టింగును కాపీ అని పెట్టుకోవడం మేలు. డిస్కు ఆదా పోతుంది గానీ ఆఫ్‌లైన్ సౌకర్యం అట్టాగే ఉంటుంది. ఏపీఎఫ్ఎస్, బీటీఆర్ఎఫ్ఎస్ లాంటి ఫైల్ సిస్టమ్‌లలో ఈ గొడవే రాదు, అక్కడ హార్డ్ లింకుకు బదులు క్లోన్ వాడుతుంది, మార్చిన ఫైలు దానంతటది విడిపోతుంది. మన దగ్గర ఎక్కువమంది వాడే ఎన్‌టీఎఫ్ఎస్, ఈఎక్స్‌టీ4లకు ఆ వసతి లేదు.

ఇంటర్నెట్ చుక్క కూడా అక్కర్లేదని పైన అన్నాను. అన్ని ప్యాకేజీలకూ ఆ మాట వర్తించదు. కొన్ని ప్యాకేజీలు దిగిన తర్వాత తమ సొంత స్క్రిప్టు నడిపి ఇంకేదో దింపుకుంటాయి. డేటాబేస్ ప్యాకేజీ బెటర్ ఎస్‌క్యూలైట్3 ముందు సిద్ధంగా ఉన్న బైనరీ (మెషీన్ నేరుగా నడిపే ఫైలు) కోసం చూస్తుంది, దొరక్కపోతే అక్కడికక్కడే కంపైల్ చెయ్యబోతుంది, దానికి నోడ్ హెడర్ ఫైళ్లు కావాలి, అవీ నెట్ నుంచే. బ్రౌజర్‌ను కోడ్‌తో నడిపే పపెటీర్ ఆ బ్రౌజర్‌ని వేరే ఫోల్డర్లోకి తెచ్చుకుంటుంది. ఇవేవీ ఫెచ్‌తో రావు. నెట్ ఉండగా ఒక్కసారి పూర్తి ఇన్‌స్టాల్ చేసి ఉంచితే, కంపైలైన ఫలితాన్ని కూడా స్టోర్ దాచుకుంటుంది కాబట్టి తర్వాత ఇబ్బంది ఉండదు. పైగా 2025 జనవరిలో వచ్చిన 10వ వెర్షన్ నుంచి ఈ స్క్రిప్టులను అడగకుండా నడపదు. ఇన్‌స్టాల్ అయిపోయిందని చెప్తుంది, సర్వర్ లేపితే బైనరీ లేదని పడిపోతుంది. పైన కనిపించే ఇగ్నోర్డ్ బిల్డ్ స్క్రిప్ట్స్ అనే హెచ్చరిక చదివి, పీఎన్‌పీఎం అప్రూవ్ బిల్డ్స్‌లో కావాల్సినవి టిక్ పెట్టాలి. భద్రత కోసం తెచ్చిన మార్పు, మంచిదే.

కోడ్‌ను కట్టగట్టే రోలప్, ఈఎస్‌బిల్డ్‌ల సంగతి ఇంకో రకం. వాటి బైనరీలు మామూలు ప్యాకేజీలుగానే వస్తాయి, కానీ ఏ మెషీన్ మీద దింపితే ఆ మెషీన్‌వి మాత్రమే. విండోస్‌లో నింపిన స్టోర్‌ను తీసుకుపోయి లైనక్స్ మెషీన్‌లో పెడితే వాటిని వాడే వీట్ లేవదు. పీఎన్‌పీఎం వర్క్‌స్పేస్ ఫైల్లో సపోర్టెడ్ ఆర్కిటెక్చర్స్ కింద రెండు సిస్టమ్‌లనూ రాస్తే రెండూ దిగుతాయి.

నెల్లూరు ఆఫీసులో నింపిన స్టోర్‌ను ఊళ్లో ఉన్న మెషీన్‌కు పట్టుకుపోవచ్చు, అది నిజంగా పనిచేస్తుంది. స్టోర్ ఎక్కడుందో పీఎన్‌పీఎం స్టోర్ పాత్ చెప్తుంది. పెన్‌డ్రైవ్‌లోకి నేరుగా కాపీ పెట్టకండి. లోపల ఉండేవి లెక్కలేనన్ని చిన్న ఫైళ్లు, గంటలు పడుతుంది, లైనక్స్‌లో అయితే ఎగ్జిక్యూట్ పర్మిషన్లు కూడా తారుమారవుతాయి. టార్ చేసి ఒకే ఫైలుగా తీసుకుపోండి. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు, ఎక్స్‌ఫ్యాట్‌కు మార్చుకోవాలి. అవతల ప్రాజెక్టు ఉన్న డ్రైవ్‌లోనే విప్పాలి. స్టోర్ ఒక డ్రైవ్‌లో, ప్రాజెక్టు ఇంకో డ్రైవ్‌లో ఉంటే హార్డ్ లింకు కుదరదు, కాపీ చేస్తుంది. స్టోర్ ఎక్కడో మనం చెప్పకపోతే ఆ డ్రైవ్ మీదే కొత్తగా ఖాళీ స్టోర్ మొదలుపెడుతుంది, అప్పుడు ఆఫ్‌లైన్ ఇన్‌స్టాల్‌కు ఏమీ దొరకదు. స్టోర్ డిర్ సెట్టింగు రాసి పెట్టుకుంటే ఈ బాధ ఉండదు.

రెండు మెషీన్లలో పీఎన్‌పీఎం వెర్షన్ కూడా కలవాలి. 9వ వెర్షన్ స్టోర్ వీ3 అనే ఫోల్డర్లో ఉండేది, 10కి మారగానే వీ10 అయింది. పాతది చూడదు, అన్నీ మళ్లీ దింపాల్సిందే. అందుకే తుపాను సీజన్ మధ్యలో పెద్ద వెర్షన్ మార్పు పెట్టుకోవద్దని నా గట్టి మాట. ప్యాకేజ్ డాట్ జేసన్‌లో ప్యాకేజ్ మేనేజర్ దగ్గర రాసిన వెర్షన్ చివరి అంకె తేడా ఉన్నా, 10వ వెర్షన్ ఆ అంకెదాన్ని దింపబోతుంది, నెట్ లేకపోతే అక్కడే ఆగుతుంది.

స్టోర్ ప్రూన్ కమాండు దగ్గర మరీ జాగ్రత్త. ఏ ప్రాజెక్టుకూ లింకు లేని ఫైళ్లను అది తీసేస్తుంది. జాగా కోసం నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్లన్నీ చెరిపి, ఆ వెంటనే ప్రూన్ కొడితే స్టోర్ దాదాపు ఖాళీ. కాపీ పద్ధతిలో వాడేవాళ్లకు అసలు లింకులే ఉండవు కాబట్టి ప్రూన్ అన్నిటినీ ఊడ్చేస్తుంది.

ఇంట్లో ఫైబర్ నెట్ గట్టిగా ఉండి, ఒకే ప్రాజెక్టు మీద పనిచేసేవాళ్లకు ఎన్‌పీఎం చాలు, మారమని చెప్పను. పాత ప్రాజెక్టును మార్చేవాళ్లు ఒకటి రెండు రోజులు పక్కన పెట్టుకోవాలి. ప్యాకేజ్ డాట్ జేసన్‌లో రాయకుండా వాడేసుకుంటున్న లైబ్రరీలు ఇక్కడ మాడ్యూల్ నాట్ ఫౌండ్ అని బయటపడతాయి, ఒక్కోటీ చేర్చుకుంటూ రావాలి. నాలుగైదు ప్రాజెక్టులు, రెండు ఊళ్లు, చిన్న ఎస్ఎస్‌డీ, వాన పడితే పోయే నెట్ నా పరిస్థితి. ఆ పరిస్థితిలో, లైబ్రరీ ఫైళ్ల మీద చెయ్యి వెయ్యనంతకాలం, నేను దీన్ని వదలను. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌ను డాకర్‌లో నడిపేవాళ్లు ఆ డాకర్ ఇమేజ్‌ను (డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మూట) కూడా ముందే దింపి ఉంచుకోవాలి, దాన్ని పీఎన్‌పీఎం తెచ్చిపెట్టదు.