హెచ్చరిక: కొత్తగా కుట్టు నేర్చుకునేవారు ‘మినీ కుట్టుమిషను సెట్టు’ కొనే ముందు

ఇంట్లో చిన్న చిన్న పనులతో కుట్టు నేర్చుకోవాలనుకునే కొత్తవారి కోసమంటూ ఆన్‌లైన్‌లో అమ్ముతున్న మినీ కుట్టుమిషను సెట్లను కొనవద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాను. అరచేతిలో పట్టుకుని నడిపే బ్యాటరీ మిషనో, బల్లమీద పెట్టుకునే చిన్న ప్లాస్టిక్ మిషనో, లేదా రెండూనో ఇచ్చి, దానితోపాటు దారపు కండెలు, కత్తెర, టేపు, సూదులు, కొన్ని గుడ్డముక్కలు ఒకే పెట్టెలో పెట్టి అమ్ముతారు. దిండు గలీబు, చేతిసంచి, కర్టెను అంచు వంటివి మొదటిరోజే కుట్టేసుకోవచ్చని ప్రకటన చెబుతుంది. నేను కొన్న సెట్టుతో వీటిలో ఒక్కటి కూడా నిలిచే కుట్టుతో పూర్తికాలేదు. డబ్బు పోవడం ఒక నష్టమే. అంతకంటే పెద్ద నష్టం ఏమిటంటే, కుట్టు సరిగా పడనప్పుడు తప్పు చేతిదో మిషనుదో తేల్చుకునే అనుభవం కొత్తవారికి ఉండదు కనుక, తమకు ఈ పని చేతకాదనుకుని మానేసే ప్రమాదం ఉంది. ఒక నాసిరకం వస్తువు కారణంగా ఎవరూ ఆ నిర్ణయానికి రాకూడదు.

అరచేతి మిషనులో బాబిన్, అంటే కిందిదారం చుట్టి మిషను అడుగున పెట్టే చిన్న కండె, ఉండదు. పైనుంచి వచ్చే ఒకే దారం బట్ట అడుగున ఉచ్చుగా మారి, ఆ ఉచ్చులోంచి తర్వాతి ఉచ్చు దూరుతూ పోతుంది. దీన్ని గొలుసుకుట్టు అంటారు. పైవైపు నుంచి చూస్తే ఇది మామూలు మిషను కుట్టులాగే కనిపిస్తుంది, ప్రకటనలోని వీడియో కూడా ఆ పైవైపునే చూపిస్తుంది. చివరి ఉచ్చులోంచి దారాన్ని తీసి ముడివేయకపోతే మాత్రం, ముగించిన కొసను పట్టుకుని లాగగానే కుట్టంతా ఊడి చేతికి వస్తుంది. సిమెంటు బస్తా మూతిని సరైన దారం లాగి ఒక్కసారిగా విప్పేస్తాం కదా, అక్కడ ఉండేదీ గొలుసుకుట్టే. సులువుగా విప్పుకునే వీలుండటం అక్కడ సౌకర్యం. బరువు మోయవలసిన చేతిసంచికి అదే గుణం ముప్పు. గొలుసుకుట్టు తనంతట తాను చెడ్డది కాదన్న మాట కూడా చెప్పాలి. 1857లో అమెరికాలో జేమ్స్ గిబ్స్ ఒకే దారంతో గొలుసుకుట్టు వేసే మిషనుకు పేటెంటు పొందాడు, ఆ పద్ధతిలో దృఢమైన మిషన్లు దశాబ్దాలపాటు తయారయ్యాయి. ఆ కుట్టు స్వభావాన్ని కొనేవారికి చెప్పకుండా, అన్ని పనులకూ ఇది చాలునని అమ్మడంలోనే తప్పు ఉంది. ఇళ్ళలో వాడే మామూలు మిషన్లు, 1846లో ఇలియాస్ హోవ్ పేటెంటు పొందిన మిషను లాగే, రెండు దారాలతో కుడతాయి. సూదిదారం, బాబిన్ దారం బట్ట పొరల మధ్య ఒకదానితో ఒకటి పెనవేసుకుంటాయి కనుక ఒకచోట దారం తెగినా మిగిలిన కుట్టు అంత తేలికగా ఊడదు. కాబట్టి ఏ మిషను చూసినా, దానికి బాబిన్ ఉందా లేదా అన్నది మొదట అడగవలసిన ప్రశ్న.

బల్లమీద పెట్టుకునే చిన్న మిషనుకు బాబిన్ ఉంటుంది. అందుకే అది ఇంకా ఎక్కువగా నమ్మిస్తుంది. నాకు వచ్చినది నాలుగు పెన్సిల్ బ్యాటరీలతో, అంటే 6 వోల్టులతో నడుస్తుంది. పల్చని నూలుబట్ట రెండు పొరలు పెట్టినంతసేపు నడిచింది. అంచును రెండు మడతలు వేస్తే మూడు పొరలవుతాయి, సంచి మూలల దగ్గర రెండు అంచులు కలిసేచోట అవి ఆరుకు చేరతాయి, సరిగ్గా అక్కడ సూది బట్టలో దిగి ఆగిపోయేది. ప్రకటనలో ఇదే మిషను జీన్సు ప్యాంటు అంచును కుడుతున్నట్టు చూపారు. జీన్సు కాలి లోపలివైపు జోడింపు సాధారణంగా మడతలోకి మడత చొప్పించి నాలుగు పొరలుగా కుట్టినది. ఆ జోడింపు అంచుతోపాటు మూడుగా మడతపడితే అక్కడ పన్నెండు పొరల మందపు బట్ట ఉంటుంది. ఇంట్లో వాడే మంచి మిషను సైతం ఆ చోట చక్రాన్ని చేత్తో తిప్పుకుంటూ నెమ్మదిగా దాటాలి. అటువంటిది ఈ ప్లాస్టిక్ మిషను దాటుతుందని చూపడం కొనేవారిని మోసగించడమే.

నన్ను ఎక్కువగా కలవరపెట్టిన విషయం ఇంకొకటి ఉంది. మంచి మిషనులో ప్రెషర్ ఫుట్ (బట్టను పైనుంచి నొక్కిపట్టే పాదం) కింద ఉండే పళ్ళు బట్టను పట్టుకుని, ఒక్కో కుట్టుకు సమానమైన దూరం వెనక్కి జరుపుతాయి. కుట్టేవారి చేతులు బట్టకు దారి చూపితే చాలు, లాగకూడదు. కొత్తవారికి మొదట అలవడవలసిన అతి ముఖ్యమైన విషయం ఇదే. ఈ చిన్న మిషనులో పళ్ళకు పట్టు లేదు, ఫుట్‌కు ఒత్తిడి చాలదు, అందువల్ల బట్ట ఒకేచోట నిలిచి కుట్లు ఒకదానిపై ఒకటి గుట్టగా పడతాయి, దాంతో ఎవరైనా సరే బట్టను చేత్తో లాగడం మొదలుపెడతారు. లాగినప్పుడు సూది వంగుతుంది, వంగిన సూది అడుగునున్న పలకకు తగిలి విరుగుతుంది, విరిగిన ముక్క ఎటు ఎగిరిపడుతుందో చెప్పలేము. అంటే ఈ మిషను నేర్పకపోవడమే కాదు, తర్వాత మంచి మిషను దగ్గర కూర్చున్నప్పుడు మానుకోవడానికి కష్టపడవలసిన అలవాటును చేతికి అంటిస్తుంది. కుట్టు పొడవును మార్చుకునే వీలు దీనికి లేదు, కుట్టు మొదట్లోనూ చివరా బిగించడానికి వెనక్కి కుట్టే మీట కూడా లేదు. సూది దగ్గర వేళ్ళకు ఎటువంటి అడ్డూ లేదు, అయినా పిల్లలకు కానుకగా ఇవ్వవచ్చని పెట్టెమీద రాసి ఉంది. వెంట ఇచ్చిన అడాప్టరు మీద ఎన్ని వోల్టులో తెలిపే చీటీ కూడా లేకపోగా, కొద్దిసేపటికే అది బాగా వేడెక్కింది. అటువంటి అడాప్టరును గోడకు తగిలించి ఉంచకండి.

సెట్టులోని మిగతా సామగ్రి గురించి క్లుప్తంగా చెబుతాను. దారం మెలి విప్పి చూస్తే పొట్టి పొట్టి పీచుతో నూగుగా ఉంది, రెండు చేతులతో కొద్దిగా గుంజితేనే తెగిపోయింది. అటువంటి దారం మంచి మిషనులోనూ తెగుతుంది, దాని నూగు బాబిన్ కేసులో పేరుకుంటుంది. టేపును ఉక్కు స్కేలు పక్కన పెట్టి చూస్తే కొలత కలవలేదు. కత్తెర కాగితాన్ని కత్తిరించింది, బట్టను నమిలింది. గుడ్డముక్కలపై ‘నూరు శాతం నూలు’ అని రాసి ఉన్నా, వాటి పోగును పటకారుతో పట్టుకుని కాల్చితే కరిగి గట్టి పూసలా ముద్దకట్టింది. నూలు అయితే కాగితం కాలిన వాసనతో కాలి మెత్తని బూడిద అవుతుంది. పైగా ఆ ముక్కలను పడుగు పేకల దిశ చూడకుండా, అచ్చు డిజైను ప్రకారం వంకరగా కత్తిరించారు. అలా కత్తిరించిన బట్టతో కుట్టిన గలీబు ఎంత జాగ్రత్తగా కుట్టినా ఉతికాక మెలి తిరుగుతుంది. బట్టను విడిగా కొనుక్కునేవారు కూడా కత్తిరించే ముందే ఒకసారి ఉతికి ఆరబెట్టాలి. నూలుబట్ట ఉతుకులో 5 శాతం కుంచించుకుపోయినా, 45 సెంటీమీటర్ల గలీబు 2 సెంటీమీటర్లకు పైగా తగ్గి దిండుకు పట్టదు.

అమ్మకపు పేజీని ఎలా చదవాలో కొంచెం వివరంగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే మోసమంతా అక్కడే జరుగుతుంది. నక్షత్రాల సగటును చూసి ఊరుకోకుండా తక్కువ నక్షత్రాలిచ్చిన అభిప్రాయాలను, వాటితోపాటు కొన్నవారు పెట్టిన ఫొటోలను చూడండి. నేను కొన్న పేజీలో పాత అభిప్రాయాలు కొన్ని అసలు కుట్టుమిషను గురించే కావు. వేరే వస్తువుకు వచ్చిన అభిప్రాయాలున్న పేజీకే కొత్త వస్తువు పేరు తగిలించారన్నమాట. వీడియోలో కుట్టు పడుతున్నప్పుడు బట్ట అడుగువైపును ఒక్కసారైనా చూపకపోతే అనుమానించండి. ‘పన్నెండు రకాల కుట్లు’ అన్న మాటను కూడా విడదీసి చూడాలి. కాస్త పెద్ద మిషన్ల విషయంలోనూ ఒకే తిన్నని కుట్టును వేర్వేరు పొడవుల్లో వేస్తే వేర్వేరు రకాలుగా, కాజా కుట్టడంలోని ఒక్కో దశను ఒక్కో రకంగా లెక్కవేసే పద్ధతి ఉంది. ఇంటి పనులకు తిన్నని కుట్టు, జిగ్‌జాగ్, వెనక్కి కుట్టే వీలు ఉంటే ఎంతో కాలం సరిపోతుంది.

వాపసు అడిగినప్పుడు అమ్మకందారు మొదట దారం ఎక్కించడం నాకు రాలేదన్నాడు, తర్వాత వీడియో పంపమన్నాడు, పంపాక వాడిన వస్తువును వెనక్కి తీసుకోబోమన్నాడు. చివరికి, పెట్టిన అభిప్రాయాన్ని తొలగిస్తే కొంత డబ్బు తిరిగి ఇస్తానన్నాడు. నేను తొలగించలేదు. అలా తొలగించిన ప్రతి అభిప్రాయమూ తర్వాత కొనేవారిని గుడ్డిగా ముంచుతుంది కాబట్టి, మీకు అటువంటి బేరం ఎదురైతే ఒప్పుకోవద్దని, ఆ సందేశాన్ని భద్రపరచి కొన్న వేదికకు నేరుగా ఫిర్యాదు చేయమని కోరుతున్నాను.

దారం ఎక్కించడం రాలేదన్న మాట ప్రతిసారీ అబద్ధమే కానక్కర్లేదు. అడుగున దారం గూడులా చిక్కుపడితే కిందిదారం తప్పు అనుకుంటాం గాని, చాలాసార్లు పైదారం టెన్షను బిళ్ళల (దారపు బిగువును అదుపుచేసే బిళ్ళల) మధ్య కూర్చోకపోవడమే కారణం. మామూలు మిషనులో ప్రెషర్ ఫుట్ పైకెత్తినప్పుడే ఆ బిళ్ళలు తెరుచుకుంటాయి కనుక, దారాన్ని ఫుట్ ఎత్తి ఉంచే ఎక్కించాలి. కుట్లు మధ్యమధ్య తప్పిపోతుంటే సూది మొండిదై ఉండవచ్చు, తిరగేసి బిగించి ఉండవచ్చు, లేదా బట్టకు తగిన నంబరు కాకపోవచ్చు. సూది మీద 90/14 అని ఉంటే 90 అన్నది మిల్లీమీటరులో నూరోవంతుల లెక్కలో సూది మందం, అంటే 0.9 మిల్లీమీటరు. పల్చని బట్టకు 70, మామూలు నూలుబట్టకు 80 లేదా 90, జీన్సు వంటి దళసరి బట్టకు 100 వాడతారు. కొత్త సూది వేసి, ఫుట్ ఎత్తి దారం మళ్ళీ ఎక్కించి, నేసిన నూలుబట్ట రెండు పొరల మీద కుట్టి చూడండి. అప్పటికీ కుట్టు తప్పుతుంటే ఆ లోపం మీ చేతిది కాదు.

మిషను కొనేవరకు ఆగకుండా మొదలుపెట్టాలంటే మంచి సూది, గట్టి పాలియెస్టర్ దారం, పదునైన కత్తెర విడిగా కొనుక్కుని చేత్తో కుట్టడం నేర్చుకోండి. రుమాలు అంచు మడిచి కుట్టడం, తర్వాత దిండు గలీబు, ఆ తర్వాత సంచి అన్న క్రమంలో వెళ్ళవచ్చు. ప్రతి కుట్టుకూ సూదిని కాస్త వెనక్కి దించి ముందుకు తీసే వెనుకకుట్టుతో చేసిన సంచి, ఆ మినీ మిషను కుట్టిన సంచి కంటే ఎంతో ఎక్కువ బరువు మోస్తుంది. బట్ట అంచు నుంచి కుట్టుకు ఒకటిన్నర సెంటీమీటరు వదలడం, మడతను ఇస్త్రీ చేశాకే కుట్టడం వంటివి చేతికుట్టులోనే అలవడతాయి.

మిషను తీసుకునే రోజున, కొత్త బొమ్మ మిషను కంటే బాగా నడిచే పాత మిషను మేలని నా గట్టి అభిప్రాయం. అమ్మేవారి దగ్గరే కుట్టి చూడనివ్వమని అడగండి. ఇంట్లోని నూలుబట్టను, ఒక దళసరి బట్టముక్కను, రెండు వేర్వేరు రంగుల దారాలను వెంట తీసుకెళ్ళి, పైన ఒక రంగు, బాబిన్‌లో మరొక రంగు పెట్టండి. పై రంగు అడుగున, అడుగు రంగు పైన చుక్కలుగా కనిపించకూడదు. కనిపిస్తే టెన్షను సర్ది మళ్ళీ కుట్టమనండి, అప్పటికీ మారకపోతే కొనవద్దు. చక్రాన్ని చేత్తో తిప్పినప్పుడు ఎక్కడా పట్టేయకూడదు, వెనక్కి కుట్టే మీట పనిచేయాలి, నాలుగు పొరల మీద ఆగకుండా కుట్టాలి. ఇళ్ళలో వాడే మిషన్లలో ఎక్కువ వాటికి 130/705హెచ్ రకం సూదులు సరిపోతాయి, అవి సులువుగా దొరుకుతాయి. వేరే రకం సూదో బాబినో కావాలంటే అది ఎక్కడ దొరుకుతుందో డబ్బు ఇచ్చే ముందే తెలుసుకోండి.

ఇప్పటికే మినీ సెట్టు తెప్పించుకున్నవారు పెట్టె తెరవడం నుంచి మొదటి కుట్టు వరకు ఆపకుండా వీడియో తీయండి, బట్ట అడుగువైపును, కొస లాగితే కుట్టు ఊడడాన్ని అందులో చూపండి. అట్టపెట్టెను, లోపలి కవర్లను పారేయకండి. వాపసు గడువు వస్తువు చేతికి అందిన రోజు నుంచే లెక్కకు వస్తుంది కనుక, తీరిక దొరికినప్పుడు చూద్దామని అటకమీద పెట్టకుండా అదే రోజు పరీక్షించండి. తిరిగి పంపేటప్పుడు బ్యాటరీలను మిషనులోంచి తీసేయండి.