ఆరేళ్లు తాడు మీద వేలాడిన కెమెరా: వాడినవాడి మాట

2019 చివర్లో మారతహళ్లిలో పీజీ ఖాళీ చేసి ఊరికి వెళ్లిపోతున్న ఒక అబ్బాయి దగ్గర ఈ కెమెరా కొన్నాను. ఏపీఎస్-సీ సెన్సర్ (ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్నది) ఉన్న మిర్రర్‌లెస్ బాడీ, అంటే లోపల అద్దం లేనిది, ఒక ఎఫ్/4 వైడ్ జూమ్ లెన్స్, రెండు బ్యాటరీలు, పట్టీ తెగిన సంచీ ఒకటి, అన్నీ కలిపి 78 వేలు. కంపెనీ పేరు రాయడం లేదు. రాస్తే మాట కెమెరా మీద నుంచి జెండాల మీదకు పోతుంది. అయినా నేను చెప్పేది ఆ తరగతి కెమెరాలు చాలావాటికి వర్తిస్తుంది.

మాది హిందూపురం. బెంగళూరులో ఐదేళ్లు టెస్టింగ్ ఉద్యోగం చేసి, శని ఆదివారాలు బండలెక్కేవాళ్ల వెంట తిరిగి, చివరికి వాళ్ల ఫోటోలు తీయడమే పనిగా పెట్టుకున్నాను. మా అమ్మ ఇప్పటికీ "బండలెక్కేది వాళ్లు, నువ్వెందుకు నాయనా వేలాడేది?" అంటుంది. న్యాయమైన ప్రశ్నే. కింద నిలబడి తీస్తే ఎక్కేవాడి ముఖం రాదు, ప్యాంటు వస్తుంది. అందుకని వాడికంటే ముందే వెనక దారిలో గుట్ట పైకి చేరి, యాంకర్‌కు (బండలో తాడు కట్టే గట్టి ఆధారం) స్టాటిక్ రోప్, అంటే పెద్దగా సాగని తాడు, కట్టి, దాని మీద కిందికి దిగి, హార్నెస్‌లో (నడుముకూ తొడలకూ కట్టుకునే పట్టీలు) కూర్చున్నట్టు వేలాడుతూ తీయాలి. ఒక చెయ్యి తాడు మీదో బండ మీదో ఉంటుంది. కెమెరాకు దక్కేది రెండోదే.

ఈ సమీక్ష అంతా ఆ ఒక్క చేతి గురించే.

షోరూములో రెండు చేతులతో పట్టుకుంటే ఏ కెమెరా అయినా బాగుంటుంది. నాకు ఇది నచ్చింది పైన ఉన్న రెండు డయల్స్ వల్ల. ఒకటి షట్టర్ స్పీడుకు, ఇంకోటి ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌కు, అంటే కెమెరా లెక్కగట్టిన వెలుతురును మనం పెంచడానికీ తగ్గించడానికీ. మెనూలోకి వెళ్లక్కర్లేదు, స్క్రీన్ చూడక్కర్లేదు. బొటనవేలితో ఎన్ని టిక్కులు తిప్పానో లెక్క పెట్టుకుంటే చాలు. బెంగళూరు దగ్గరి రామనగరం బండల మీద ఆ రెండో డయల్‌తో చాలా పని పడుతుంది. ఫ్రేములో ముప్పాతిక భాగం వెలుతురు కొట్టే లేత రంగు బండే ఉంటుంది. కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్ దాన్ని చూసి బొమ్మ మొత్తాన్ని చీకటి చేస్తుంది. హెల్మెట్ నీడలో ఉన్న మన మనిషి ముఖం బొగ్గవుతుంది. రెండు టిక్కులు పైకి తిప్పితే ముఖం తేలుతుంది. ఎండ బండ అంచు దాటి లోపలికి వచ్చేసరికి మళ్లీ ఒక టిక్కు కిందికి. ఉదయం ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా ఇదే పని. ఆ తర్వాత బండా కాలిపోతుంది, వెలుతురూ చచ్చిపోతుంది. దిగి ఇడ్లీలు తినడమే.

అదే డయల్ నన్ను ఏడిపించింది కూడా. దానికి లాక్ లేదు. 2021 జనవరిలో మదనపల్లె తమ్ముడొకడు, ఆరు నెలలుగా కలలో కూడా పాకుతున్న ఒక రూట్‌ను (బండ మీద ఎక్కే దారి) మొదటిసారి లీడ్ చేశాడు, అంటే పైనుంచి తాడు ఆసరా లేకుండా ముందుగా తనే ఎక్కాడు. నేను పక్కనే తాడు మీద ఉన్నాను. తీస్తున్నంతసేపూ ఎండ కంట్లో పడుతోంది, స్క్రీన్ కనబడలేదు. దిగాక చూస్తే 140 ఫ్రేములూ తెల్లగా ఉన్నాయి. హార్నెస్‌కు రుద్దుకుని డయల్ ప్లస్ రెండు దాకా తిరిగిపోయింది. తక్కువ ఎక్స్‌పోజ్ అయితే రా ఫైలులో (సెన్సర్ పట్టింది పట్టినట్టు దాచే ఫైలు) ఎంతో కొంత లాక్కోవచ్చు, తెల్లగా కాలిపోయింది మాత్రం తిరిగి రాదు. "ఏం కాదులే అన్నా, మళ్లీ ఎక్కుతా" అన్నాడు వాడు. ఎక్కాడు కూడా. కానీ రెండోసారి ముఖంలో ఆ భయం లేదు. నాకు కావలసింది ఆ భయమే.

మర్నాడే సైకిల్ షాపులో పాత ట్యూబు ముక్క అడిగి తెచ్చి, సన్నటి రింగులా కోసి డయల్ చుట్టూ బిగించాను. తిప్పాలంటే ఇప్పుడు కొంచెం బలం పెట్టాలి. ఐదేళ్లలో మళ్లీ దానంతటది తిరగలేదు.

బ్యాటరీల సంగతి. పూర్తి ఛార్జికి నాకు 350 ఫ్రేముల దాకా వస్తాయి, వీడియో తీస్తే ఇంకా తక్కువ. కాబట్టి నాలుగు మోయాలి. తక్కువ ధరకు వస్తున్నాయని వేరే కంపెనీవి రెండు కొంటే, ఒకటి ఎనిమిది నెలలకే ఉబ్బి లోపల ఇరుక్కుపోయింది. వేలాడుతూ బ్యాటరీ మార్చడం వేరే విద్య. మొదటి ఏడాదిలో ఒకసారి పాతదాన్ని పళ్ల మధ్య పెట్టుకుని కొత్తది దూరుస్తుంటే, అది చెమట వేళ్ల నుంచి జారింది. "రాక్!" అని అరిచాను. పడేది రాయి కాకపోయినా అరవాల్సిన మాట అదే. కింద బిలే చేస్తున్నవాడు, అంటే ఎక్కేవాడి తాడు పట్టుకున్నవాడు, తల ఎత్తకుండా బండకు అతుక్కుపోయాడు. ఎత్తి చూసేవాడికే ముఖం మీద పడుతుంది. బ్యాటరీ వాడికి జానెడు దూరంలో పగిలింది. ఆ రోజు నుంచి లెన్స్ మూత ఇంట్లోనే ఉంటుంది. బ్యాటరీ మార్పు పైన యాంకర్ దగ్గరే. కెమెరాకు మెడ పట్టీ కాకుండా, చిన్న స్లింగ్‌తో హార్నెస్‌కు ముడి.

బాడీ గట్టిదనం గురించి అడిగేవాళ్లకు: బండకు తగిలీ తగిలీ అంచుల్లో రంగు పోయి లోహం కనిపిస్తోంది. ఈ రాయిని క్లోజ్‌పేట గ్రానైట్ అంటారు. క్లోజ్‌పేట అనేది రామనగరం పాత పేరే. వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. గులాబీ రంగు స్ఫటికాలు పెద్దపెద్దగా ఉండి గరుకు కాగితంలా గీరుతుంది. అయినా కెమెరా లోపల ఏమీ కాలేదు. నిజంగా పాడైంది దోమల స్ప్రే వల్ల. డీట్ ఉన్న స్ప్రే కొట్టుకున్న చేతులతోనే పట్టుకునేవాణ్ని. అది కొన్ని ప్లాస్టిక్‌లనూ రబ్బర్లనూ మెత్తబరుస్తుందని అప్పటికి తెలియదు. గ్రిప్ జిగురు జిగురుగా అయి, అంచులు లేచాయి. డబుల్ సైడ్ టేపుతో నెట్టుకొచ్చాను.

వానాకాలం బండలు జారుతాయి, పని ఉండదు. జూన్ నుంచి మూడు నాలుగు నెలలు కెమెరా అల్మరాలో పడుకుంటే లెన్స్‌లో ఫంగస్ దారాలు అల్లుతుంది. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, వంద రూపాయల చిల్లర తేమ మీటరు పెట్టండి. తేమ 45, 50 శాతం మధ్య ఉంటే చాలు. ఏసీ కారులోంచి నేరుగా బయటికి తీస్తే లెన్స్ మీద ఆవిరి పడుతుంది. పావుగంట ముందే కిటికీలు దించుకోవాలి, పక్కన కూర్చున్నవాళ్లు తిట్టినా సరే.

బాడీలో స్టెబిలైజేషన్ (చేతి వణుకును సర్దే ఏర్పాటు) లేదు. ఫోటోలకు నేను ఎప్పుడూ లోటు అనుకోలేదు. కదిలే మనిషికి ఎలాగూ షట్టర్ స్పీడు 1/500 సెకను, లేదా అంతకంటే వేగంగానే పెడతాం. వీడియోకు మాత్రం లోటే, తాడు మీద ఊగుతూ తీసింది చూస్తే కడుపులో తిప్పుతుంది. ముఖం పట్టే ఆటోఫోకస్ హెల్మెట్ కనబడగానే చేతులెత్తేస్తుంది. సింగిల్ పాయింట్, అంటే ఒక్క చోటే ఫోకస్ పట్టే చుక్క, పెట్టుకుని నేనే జరుపుకుంటాను. శబ్దం రాని ఎలక్ట్రానిక్ షట్టర్ ఒక వరం. 2012లో రాబందుల అభయారణ్యంగా ప్రకటించిన రామదేవర బెట్ట మేం ఎక్కే రామనగరం బండలకు దగ్గరే. పక్షులు కనిపించినప్పుడు టకటక లేకుండా ఉండటం మర్యాద.

ఇక డబ్బు. ఈ పనితోనే ఇల్లు గడుస్తుందా అంటే, గడవదు. కంపెనీల టీమ్ ఔటింగ్‌లు, క్లైంబింగ్ జిమ్‌ల ఫోటోలు, ట్రెక్కింగ్ గ్రూపుల పనులు కలిసినా నెలలో ఏడెనిమిది రోజులే. మిగతాది మనవాళ్ల పెళ్లిళ్లు నడిపిస్తాయి. తెల్లవారుజామున నాలుగు గంటల ముహూర్తం, వేదిక మీద ముప్పై మంది బంధువులు, నాకు మిగిలేది మళ్లీ ఒక చెయ్యే. ఈ కెమెరా అక్కడా పరువు నిలిపింది. కార్డ్ స్లాట్ ఒక్కటే కావడం మాత్రం నాకు టెన్షన్. బండ మళ్లీ ఎక్కవచ్చు, తాళి మళ్లీ కట్టించలేం.

ఇంకా పెద్ద సెన్సర్ ఉండే ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు మారమంటారు చాలామంది. స్నేహితుడిది సావనదుర్గకు తీసుకెళ్లి చూశాను. సముద్ర మట్టానికి 1226 మీటర్ల ఎత్తున్న ఆ ఏకశిల మీద పైదాకా లెన్స్‌తో కలిపి కిలో ముప్పావు మోస్తే, బొమ్మ నాణ్యత కంటే ముందు మెడ గుర్తొచ్చింది. కొనేవాళ్లు అద్దెకు తెచ్చుకుని, బెంగళూరు మెట్రోలో సిల్క్ ఇన్‌స్టిట్యూట్ స్టేషన్ దాకా వెళ్లి, తురహళ్లి గుండ్ల దగ్గర ఒక ఉదయం ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని తీసి చూడండి. అక్కడ చిరాకు పుట్టించే బటన్ తాడు మీద ఇంకా చిరాకు పుట్టిస్తుంది.

పోయిన నెల షట్టర్ బటన్ పట్టేస్తోందని ఎస్పీ రోడ్డు దగ్గర ఒక రిపేర్ షాపులో ఇచ్చాను. ఆయనది చిత్తూరు వైపు, పలకరింపే తెలుగులో. గ్రిప్ రబ్బరు పూర్తిగా లేపి, బ్రష్‌తో తెల్ల కాగితం మీదకు దులిపాడు. బూడిద రంగు రాతి పొడి, ఎక్కేవాళ్లు చేతులు జారకుండా రాసుకునే చాక్ పౌడరు, వాటి మధ్య పసుపు అంటిన బియ్యపు గింజ ఒకటి. "పెళ్లిళ్లు కూడా తీస్తారా సార్?" అన్నాడు. కొత్త రబ్బరుకు 900, బటన్ శుభ్రం చేసినందుకు 600 తీసుకున్నాడు. సైకిల్ ట్యూబు రింగును మాత్రం తీయొద్దన్నాను.