గంట గడువు నుంచి ఖాఫ్ కొండ దాకా: ప్రిన్స్ ఆఫ్ పర్షియాతో ఇరవై ఏడేళ్లు

మా బడిలో కంప్యూటర్ గదిలోకి చెప్పులు విప్పి వెళ్లాలి. ఏసీ ఉన్న గది అదొక్కటే, అందుకని హెడ్మాస్టరు గారి గది కన్నా దానికే మర్యాద ఎక్కువ. 1997లో, ఒంగోలులో ఎనిమిదో తరగతి. వారానికి ఒక పీరియడ్, ఆరు కంప్యూటర్లు, ఒక్కోదాని ముందు ఏడుగురం. సారు బేసిక్ పాఠం చెప్పి అలా బయటికి వెళ్లగానే ఎవడో ఒకడు నల్ల తెరమీద 'ప్రిన్స్ మెగాహిట్' అని కొట్టేవాడు. అది గేమ్‌లో అడ్డదారులు తెరిచే చీట్ కోడ్ అని మాకు తెలీదు. గేమ్ పేరే అదనుకున్నాం.

అప్పట్నుంచి ఈ ప్రిన్స్ ఆఫ్ పర్షియా గేముల సిరీస్‌లో ముఖ్యమైనవన్నీ ఆడాను, కొన్ని రెండు మూడు సార్లు. ఏది గొప్పది అని ఎవరడిగినా 2003లో వచ్చింది అని తడుముకోకుండా చెప్పేవాణ్ణి. పోయిన ఏడాది మా అమ్మాయితో కూర్చుని మొదటి నుంచీ వరసగా మళ్లీ ఆడాక ఆ మాట అంత తేలిగ్గా నోటికి రావడం లేదు. కాలు జారినప్పుడు మన దగ్గర ఏం వసూలు చేస్తుందో చూస్తే చాలు, ఒక్కో గేమ్ గుణం బయటపడిపోతుందని ఈసారి అనిపించింది.

మొదటిదాని వసూలు చాలా కఠినం. జోర్డన్ మెక్నర్ అనే కుర్రాడు యాపిల్ 2 కంప్యూటర్ కోసం ఇంచుమించు ఒంటిచేత్తో రాసి 1989లో విడుదల చేసిన గేమ్ అది. వజీరు జాఫర్ రాకుమారికి గంట గడువిస్తాడు, ఆలోపు మనం ఆమెని చేరాలి. ఆ 60 నిమిషాలూ మన గడియారంలోని నిమిషాలే. పన్నెండో లెవెల్లో చచ్చినా ఆ లెవెల్ మొదట్నుంచి ఆడుకోవచ్చు, పోయిన నిమిషాలు మాత్రం తిరిగి రావు. స్పేస్ బార్ నొక్కితే ఎన్ని నిమిషాలు మిగిలాయో కింద కనిపిస్తుంది. మావాళ్లలో ఒకడి పని అదే, మధ్యమధ్యలో నొక్కి చదవడం. పరీక్ష హాల్లో టైము చెప్పే ఇన్విజిలేటర్ లాగా వాడంటే అందరికీ చిరాకు.

ఇప్పుడు ఆడినా ఆ మనిషి కదలిక పాతబడలేదు. మెక్నర్ తన తమ్ముడికి తెల్లబట్టలు తొడిగి పరుగెత్తించి, దూకించి వీడియో తీసి, ఒక్కో ఫ్రేమునూ బొమ్మగా మార్చాడు. అందుకే రాకుమారుడికి బరువు ఉంటుంది. పరుగు మీద ఆగమంటే టక్కున ఆగడు, రెండడుగులు జారి ఆగుతాడు. ఆ రెండడుగుల్లోనే గుంటలో ఇనుప మేకులు లేస్తాయి. అలవాటు లేనివాళ్లు 'కీబోర్డ్ పనిచెయ్యట్లేదు' అంటారు. మా అమ్మాయీ అదే అంది. షిఫ్ట్ పట్టుకుని ఒక్కో అడుగూ వెయ్యడం నేర్చుకున్నాక అనలేదు.

ఇక నీడమనిషి. నాలుగో లెవెల్ చివర దారికి అడ్డంగా ఒక అద్దం ఉంటుంది. పరుగెత్తి అందులోకి దూకితే మనం ఇటు, మన నీడ అటు వెళ్లిపోతాం. ఆ నీడ తర్వాత మనం తాగాల్సిన సీసా తాగేస్తుంది, మనం చేరబోయే చోట గేటు మూసేస్తుంది, పన్నెండో లెవెల్లో కత్తి పట్టుకుని ఎదురు నిలబడుతుంది. దాన్ని పొడిస్తే మన ప్రాణమే తగ్గుతుంది. దాదాపు ఒక టర్ము పాటు మేమంతా పొడుస్తూనే ఉన్నాం. చివరికి ఎవడో చేతకాక కత్తి దించేశాడు, నీడా దించింది. ఇద్దరూ ఎదురెదురు నడిచి ఒకటైపోయారు. ఆ రోజు గదిలో వేసిన కేకకి సారు పరుగెత్తుకొచ్చారు. కంప్యూటర్లో కొత్త శత్రువు బొమ్మలకి మెమరీ చాలక, ఉన్న రాకుమారుడి బొమ్మనే తిరగేసి నీడగా వాడారని చాలా ఏళ్లకి చదివాను. పేదింటి వంట ఒక్కోసారి పెళ్లి విందు కన్నా రుచిగా కుదురుతుంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. కత్తియుద్ధం మూడు నాలుగు భటుల తర్వాత ఒకటే తంతు. మొదటి లెవెల్ దాటగానే వచ్చే సీసాల గది మరీ దుర్మార్గం. మాన్యువల్‌లో ఫలానా పేజీ, ఫలానా వరుసలో ఉన్న మాట మొదటి అక్షరం చూసి, ఆ అక్షరమున్న సీసానే తాగాలి. దొంగ కాపీలు ఆపడానికి పెట్టిన తాళం అది. ఫ్లాపీలో చేతులు మారి వచ్చిన గేమ్‌కి మాన్యువల్ ఎక్కడిది? గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఒక్కో సీసా తాగి చావడమే.

1993లో వచ్చిన రెండో భాగంలో గడువు 75 నిమిషాలు. ఒకేసారి ముగ్గురు నలుగురు మీదపడతారు, బొమ్మలు అందంగా ఉంటాయి, నాకేమీ గుర్తులేదు. 1999లో వచ్చిన త్రీడీ గేమ్ గురించి మాట్లాడకపోవడమే దానికి మర్యాద.

2003 నాటికి నేను విజయవాడలో ఇంజినీరింగ్. హాస్టల్లో ఒక్కడికే మంచి గ్రాఫిక్స్ కార్డు ఉండేది, వాడి గది ముందు చెప్పుల కుప్ప. 'ద శాండ్స్ ఆఫ్ టైమ్' మొదలయ్యేది మన దేశంలోనే. ఒక మహారాజు కోటను పర్షియా సైన్యం దోచుకుంటుంది, రాకుమారుడు అక్కడ దొరికిన బాకు ఎత్తుకుంటాడు. మహారాజు కూతురు ఫరా బందీ అవుతుంది. తర్వాత ఆజాద్ నగరంలో వజీరు మాట నమ్మి ఆ బాకుతో ఇసుక గడియారం తెరిచేసరికి అందరూ ఇసుక భూతాలైపోతారు. మన వైపు నుంచి చూస్తే కథానాయకుడే దొంగ. ఆ సంగతి ఫరా మర్చిపోదు, గేమ్ కూడా మర్చిపోనివ్వదు.

గోడమీద అడ్డంగా పరుగు తీస్తూ మావాడు లోయలోకి జారిపోయాడు. 'అయిపోయిందిరా' అన్నారు అందరూ. వాడు కీబోర్డ్‌లో ఆర్ అక్షరం నొక్కి పట్టుకున్నాడు. పడిపోతున్న మనిషి వెనక్కి లేచి, గోడ మీదికెక్కి, దూకకముందు ఎక్కడున్నాడో అక్కడికి వచ్చేశాడు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అయితే ఇదేమీ ఉచితం కాదు. వెనక్కి తిప్పిన ప్రతిసారీ బాకులో ఇసుక ఖర్చవుతుంది, మళ్లీ నిండాలంటే పడగొట్టిన భూతాల్లో బాకు గుచ్చి పీల్చాలి. తప్పు చెయ్యడానికి భయం లేదు గానీ అలుసూ లేదు. ఆ తూకమే ఈ గేమ్ గొప్పతనం. నిజంగానే చచ్చిపోతే, కథ చెబుతున్న రాకుమారుడి గొంతు 'అబ్బే, అలా జరగలేదు' అన్న ధోరణిలో సర్దుకుంటుంది. అవును, మొత్తం గేమ్ ఒకళ్లకి చెబుతున్న కథ. ఎవరికి చెబుతున్నాడో చివర్లో తెలిసినప్పుడు కలిగిన నిశ్శబ్దం నాకు ఈ సిరీస్‌లో మళ్లీ దొరకలేదు.

మరి పోయినేడు ఎక్కడ తేడా కొట్టిందంటే, యుద్ధం దగ్గర. ఒక్కో గది చేరగానే ఇసుకలోంచి అలలు అలలుగా లేస్తారు. తలమీంచి దూకి వెనక నుంచి కొట్టడం, బాకు గుచ్చడం, మళ్లీ అదే. చివరి దశలో లిఫ్ట్‌లో జరిగే పోరాటం అప్పట్లో మా హాస్టల్ అంతటికీ గండం. మన ప్రాణంతో పాటు ఫరా ప్రాణమూ కాపాడాలి, ఆవిడ విల్లు పట్టి ఒక్కోసారి మనకే బాణం వేసి సారీ చెబుతుంది. దూకేటప్పుడు కెమెరా తిరిగిపోయి కుడి ఎడమవుతుంది. అప్పట్లో ఇవన్నీ నావల్ల జరిగిన తప్పులనుకున్నాను. ఇప్పుడు మా అమ్మాయి ముఖం చూస్తే గేమ్ తప్పులని తెలిసింది.

2004 నాటి 'వారియర్ వితిన్' మీద నాకు పాత కోపం, కొత్త ప్రేమ. అంతకుముందు కబుర్లు చెప్పే రాకుమారుడు ఇందులో పళ్లు నూరుతూ తిరుగుతాడు. వెనక గాడ్‌స్మాక్ బృందం గిటార్లు, తెరనిండా నెత్తురు, బట్టలు చాలని ఆడవాళ్లు. హాస్టల్లో సగం మందికి అదే నచ్చింది, నాకు ఒళ్లు మండింది. కానీ యుద్ధం ఒక్కసారిగా ప్రాణం పోసుకున్నది ఇక్కడే. రెండో చేతిలో శత్రువు ఆయుధం పట్టుకోవచ్చు, స్తంభం చుట్టూ తిరుగుతూ కొట్టొచ్చు. అన్నిటికన్నా మించి దహాకా అనే భూతం. కాలాన్ని కెలికినవాణ్ణి వేటాడి తుడిచెయ్యడం దాని పని. చేసిన కర్మ కాళ్లూ చేతులూ మొలిచి వెంటపడినట్టుంటుంది. అది వస్తోందంటే తెర రంగు వెలిసిపోతుంది, ఆలోచన మాని పరుగెత్తడమే. నీళ్లు దాటి రాలేదు కాబట్టి నీటి తెర వెనక్కి చేరిన క్షణాన మనమూ ఊపిరి పీల్చుకుంటాం. వెనక్కి తిప్పే శక్తికి ఇన్నాళ్లకి ఒక యజమాని వచ్చి బాకీ అడిగాడన్నమాట. కథాపరంగా ఈ సిరీస్‌లో ఇంత పదునైన ఊహ మరొకటి లేదని ఇప్పుడనుకుంటున్నాను.

ఒకే కోటలో ఇప్పటి కాలం, గడిచిన కాలం మధ్య తిరిగిన దారినే మళ్లీ మళ్లీ తిరగడం మాత్రం తల ప్రాణం తోకకి తెస్తుంది. అసలైన ముగింపు కావాలంటే దాచిపెట్టిన తొమ్మిది ప్రాణవృద్ధులూ, అంటే మన ప్రాణబలం పెంచేవి, పట్టుకోవాలి. నేను ఎనిమిదితో ఆఖరికి చేరాను. తొమ్మిదోదాని కోసం సేవ్ ఫైలు లేక, సెమిస్టర్ సెలవుల్లో మొదట్నుంచి ఆడాను. తెలివైన పని కాదు.

'ద టూ థ్రోన్స్' 2005లో బాబిలోన్ నగరానికి మారింది. చీకట్లో వెనక నుంచి పట్టుకుని సరైన క్షణాన బాకు తళుక్కుమన్నప్పుడు నొక్కితే చప్పుడు లేకుండా పని పూర్తి. క్షణం తప్పితే గది మొత్తం మీదపడుతుంది. గొలుసు కొరడా చేతికి పట్టుకుపోయిన నల్లరాకుమారుడుగా మారినప్పుడు ప్రాణం దానంతటదే కారిపోతుంటుంది, నీళ్లు తగిలితే మామూలు మనిషి. లోపల్నుంచి వెటకారమాడే ఆ గొంతు 1989 నాటి నీడమనిషికి పెద్దకొడుకే. రథాల పందేలు దండగ. ముగింపు వచ్చి 2003 గేమ్ మొదటి మాటలకి ముడిపడే తీరు మాత్రం చక్కటి ముగ్గు కలిసినట్టుంటుంది.

అన్నట్టు, ఈ సిరీస్‌కే ఇంకో భాగంగా మొదలైన పని దారి మళ్లి 2007లో 'అసాసిన్స్ క్రీడ్' అయింది. తర్వాత కొత్తగా పుట్టిన ఆ కొడుక్కే పెట్టుబడులన్నీ వెళ్లి, ఇంటి దీపం పెట్టినవాడు మూలకి చేరాడు.

2008లో మళ్లీ మొదట్నుంచి అన్నట్టు వచ్చిన గేమ్ చూడటానికి అచ్చం నీటిరంగుల బొమ్మల పుస్తకం. ఇందులో చావు లేదు. జారిన ప్రతిసారీ, మన వెంట నడిచే ఎలికా చెయ్యందించి పైకి లాగుతుంది. అప్పట్లో నెట్‌లో దీన్ని 'పిల్లల గేమ్' అని తిట్టారు. ఆ తిట్టు అన్యాయం, ఎందుకంటే ఆమె దించేది ఆఖరిసారి నిలబడ్డ చోటికే, మిగతా గేముల్లో చెక్‌పాయింట్ చేసేది కూడా అంతే. అయినా ఆడుతుంటే నా అరచేతులు ఒక్కసారీ చెమర్చలేదు. వసూలు లేని చోట జాగ్రత్త రాదు. పైగా దారి తెరవడానికి కాంతి గింజలు ఏరాలి, మొత్తం 1001 ఉంటాయి, పూర్తి చెయ్యడానికి 540 చాలు. ఆ 540కే నాకు పొలంలో కలుపు తీసినట్టు నడుము పట్టేసింది. అయితే ఆఖరి పది నిమిషాలు ఎవరూ వదులుకోకూడదు. గేమ్ అంతా కష్టపడి చేసిన పనిని మన చేతులతోనే చెరిపెయ్యమంటుంది, బటన్ నొక్కేది మనమే. దాని తరువాయి భాగం పీసీకి రానే లేదు, ఎవరో ఆడుతున్న వీడియోలో చూసుకున్నాను.

2010 నాటి 'ద ఫర్గాటెన్ శాండ్స్'లో పారే నీటిని క్షణంపాటు గడ్డకట్టించి, ఆ జలస్తంభాలు పట్టుకుని ఎగబాకే ఆట ఒక్కటి అద్భుతం. మిగిలింది చీమలబారులా వచ్చే శత్రువులు, మర్నాటికి గుర్తుండని కథ.

తర్వాత పద్నాలుగేళ్లకి, 2024 జనవరిలో 'ద లాస్ట్ క్రౌన్'. పక్కనుంచి చూసే పాత పద్ధతికే తిరిగి వెళ్లింది. ఇందులో మన పాత్ర సార్గాన్, అపహరణకి గురైన రాకుమారుణ్ణి వెతుక్కుంటూ ఖాఫ్ కొండకి వచ్చిన వీరుడు. నింటెండో స్విచ్ అనే చేతిలో పట్టే గేమ్ యంత్రంలో కూడా వెన్నలా కదిలింది, ఇలాంటి గేమ్‌కి అదే సగం బలం. జ్ఞాపకశకలం అని ఒక సదుపాయం ఉంది: దాటలేని అడ్డంకి ఎదురైతే అక్కడే ఫొటో తీసి మ్యాపుకి గుచ్చుకోవచ్చు. ఇన్నేళ్లుగా నోటుపుస్తకంలో గీసుకున్న నాలాంటివాడికి ఇది వరం. నీడని ఒకచోట నిలబెట్టి, కావాల్సినప్పుడు అక్కడికే మాయమై రాగల శక్తి దొరికినప్పుడు నాకు బడి గది గుర్తొచ్చింది. అలలూ ఓడలూ ఎగిరిన చెక్కముక్కలూ గాల్లోనే నిలిచిపోయిన ఒక సముద్రయుద్ధం వస్తుంది. అక్కడ మా అమ్మాయి కంట్రోలర్ కిందపెట్టి కాసేపు ఊరికే చూసింది.

ఇందులో జారితే కొంత ప్రాణం, చస్తే ఆట సేవ్ అయ్యే వాక్‌వాక్ చెట్టు దగ్గర్నుంచి మళ్లీ నడక. తూకం బాగుంది. కాకపోతే ఒక చోట నుంచి ఇంకో చోటికి ఎగిరి చేరుకునే విగ్రహాలు మరీ పలచన, ఆఖరి మూడో వంతులో ఆ నడకే ఎక్కువైపోయింది. కథ కూడా అక్కడే పట్టు సడలుతుంది. మాటలు ఫార్సీలో పెట్టుకుని ఆడటం మాత్రం నా సలహా. రోజు, బజారు, దర్వాజా అని మనం రోజూ వాడే మాటల పుట్టిల్లు ఆ భాష, చెవికి పరాయిగా ఉండదు.

2003 గేమ్‌ని కొత్తగా చేస్తామని 2020లో ప్రకటించారు, పని మొదట పుణె, ముంబై స్టూడియోల్లో జరిగింది, 2022లో మాంట్రియల్‌కి తరలింది. 2026 జనవరిలో దాన్ని రద్దే చేశారు. పాతదే పీసీలో ఆడండి, వెడల్పు తెరకి అభిమానులు చేసిన ప్యాచ్ వేసుకోండి. కొత్తవాళ్లయితే 'లాస్ట్ క్రౌన్'తో మొదలుపెట్టి, నచ్చితే 2003కి, అక్కడ్నుంచి వరసగా 2004, 2005కి వెళ్లడం మేలు. 2008ని అమ్మకాల్లో తక్కువకి దొరికినప్పుడు కొనండి.

మొదటిదాన్ని మా అమ్మాయి ప్రస్తుతం ఆరో లెవెల్ దాకా తెచ్చింది, 31 నిమిషాలు మిగిలాయి. మొన్న మేకుల మీద పడగానే అలవాటుగా ఆర్ నొక్కింది, ఏమీ జరగలేదు.

"నాన్నా, ఇందులో వెనక్కి ఎలా తిప్పాలి?"

మెగాహిట్ సంగతి నేనింకా చెప్పలేదు.