పదకొండేళ్ళుగా కూర్చుంటున్న కుర్చీ: డెన్మార్క్ జే39

మా భోజనాల బల్ల చుట్టూ నాలుగు కుర్చీలున్నాయి. బీచ్ అనే చెట్టు కలపతో చేసిన కాళ్ళు, కాగితపు తాడుతో అల్లిన సీటు, వీపుకు ఆనుకోవడానికి ఒకే ఒక్క వెడల్పాటి చెక్క. చేతులు లేవు, మెత్త లేదు, నగిషీ అసలే లేదు. కోపెన్‌హాగన్ వచ్చిన రెండో ఏడాది ఒక సెకండ్ హ్యాండ్ దుకాణంలో కొన్నాం. అప్పటి నుంచి పదకొండేళ్ళుగా మూడు పూటలా తిండి, పాప హోంవర్క్, పండక్కి పులిహోర కలపడం, అన్నీ వీటి మీద కూర్చునే. బల్బు మార్చాలన్నా వీటినే ఎక్కుతాం. కొత్తలో రాసుంటే పొగడ్తలే రాసేదాన్ని. ఇప్పుడు వీటి లోపాలు కూడా నాకు బాగా తెలుసు.

కొన్నప్పుడు వీటికో పేరుందని కూడా తెలియదు. ఒంటి చేత్తో ఎత్తగలిగాను, నాలుగూ కలిపి మా బడ్జెట్‌లో వచ్చాయి, అంతే. ఇంటికి తెచ్చి తిరగేసి తుడుస్తుంటే సీటు కింద ఎఫ్‌డీబీ అన్న ముద్ర లీలగా కనిపించింది. అదేమిటా అని వెతుక్కుంటూ పోతే ఒక పెద్ద కథ బయటపడింది.

ఎఫ్‌డీబీ అంటే డెన్మార్క్‌లోని వినియోగదారుల సహకార సంఘాల సమాఖ్య. 1896లో పుట్టింది. ఊరివాళ్ళే వాటాలు వేసుకుని నడుపుకునే కిరాణా కొట్లు అప్పటికే దేశమంతా ఉండేవి. వాటన్నిటికీ కలిపి సరుకు కొనడం, సబ్బు, మార్జరిన్ లాంటివి సొంతంగా తయారు చేయించడం ఈ సమాఖ్య పని. 1942లో, దేశం జర్మన్ సైన్యం చేతిలో ఉన్న రోజుల్లో, వీళ్ళు సామాన్యుల ఇళ్ళకు ఫర్నిచర్ గీయించడానికి ఒక డిజైన్ విభాగం పెట్టారు. దాని బాధ్యత బోర్గె మోగెన్సెన్ అనే 28 ఏళ్ళ కుర్రాడికి అప్పగించారు. అతను ముందు వడ్రంగం నేర్చుకుని, ఆ తర్వాత డిజైన్ చదివినవాడు. గురువు కోరె క్లింట్. మనిషి ఒంటి కొలతల నుంచీ, ఇంట్లో నిజంగా ఉండే వస్తువుల కొలతల నుంచీ ఫర్నిచర్ పుట్టాలన్నది క్లింట్ నేర్పిన పాఠం. పాతకాలంలో బాగా కుదిరిన రూపం ఉంటే దాన్నే తీసుకుని ఇంకా మెరుగుపరచమనేవాడు.

మోగెన్సెన్ సరిగ్గా అదే చేశాడు. అమెరికాలో షేకర్లనే మతవర్గం వాళ్ళు ఆడంబరం వద్దనుకుని చేసుకున్న సాదా కుర్చీల నుంచి స్ఫూర్తి తీసుకుని 1947లో మా ఇంట్లో ఉన్న ఈ కుర్చీని, జే39ని, గీశాడు. ఇక్కడివాళ్ళు దీన్ని 'జనం కుర్చీ' అంటారు. గదిని నింపేసే బరువైన డైనింగ్ సెట్టు కొనలేని, కొన్నా పెట్టుకునే చోటు లేని కొత్త జంటలు ఒక్కో సామాను చొప్పున కొనుక్కోవాలి, ఆ సామాను చిన్న ఇంట్లో ఇమడాలి, యంత్రం మీద చవగ్గా తయారవ్వాలి, ఏళ్ళ తరబడి నిలవాలి. షరతులు ఇవి. మేమూ అలాంటి జంటగానే ఈ ఊరొచ్చాం. మాదీ రెండు గదుల ఫ్లాటే. ఎప్పుడో యుద్ధం ముగిసిన రోజుల్లో ఎవరో మాలాంటి వాళ్ళ గురించి ఇంత శ్రద్ధగా ఆలోచించారని తెలిసినప్పుడు నాకు నిజంగా కళ్ళు చెమర్చాయి.

ఇక వాడకం సంగతి. బీచ్ కలప గట్టిది. పదకొండేళ్ళలో ఒక్క కాలు కూడా విరగలేదు, పగలలేదు. కొన్నప్పుడే తేనె రంగులో ఉన్నాయి, ఇప్పుడు ఇంకొంచెం ముదిరాయి. వీటికి వార్నిష్ లేదు. ఇక్కడి పద్ధతిలో ఏడాదికి రెండుసార్లు సబ్బు రేకులు వేడినీళ్ళలో కరిగించి, ఆ నీళ్ళతో తుడిచి ఆరబెడతాను. చెక్క మృదువుగా, పొడిగా, కొత్తగా ఉతికిన నూలు బట్టలా తగులుతుంది. ఒక్కసారే ఇబ్బంది వచ్చింది. గదిని వేడిచేసే రేడియేటర్ పక్కనుండే కుర్చీ చలికాలం పొడి వేడికి ఎండి, కాళ్ళ మధ్య అడ్డకర్ర ఒకటి వదులైంది. చుట్టం ఒకాయన వెనక్కి ఊగి కూర్చునేసరికి అది ఊడి చేతికొచ్చింది. పాత జిగురు గీకేసి, కొత్తది పూసి, తాడుతో బిగించి ఒక రాత్రి వదిలేస్తే సరిపోయింది. ఊడదీసి మళ్ళీ బిగించుకోగలిగేలా ఉండటమే ఈ కుర్చీలో నాకు బాగా నచ్చిన గుణం.

సీటు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. యుద్ధకాలంలో సముద్రపు గడ్డితో పేనిన తాడు దొరకడం కష్టమై, దాని బదులు కాగితాన్ని మెలితిప్పి తాడు చేశారు. తప్పక వాడిన సరుకు అసలుదాని కంటే మన్నికైనదని తేలింది. మా నాన్న మొదటిసారి ఇక్కడికి వచ్చినప్పుడు సీటు మీద అరచెయ్యి ఆనించి, కుర్చీ తిరగేసి, "ఇది నులకేనమ్మా, కాకపోతే కాగితంతో పేనారు" అన్నారు. చిన్నప్పుడు ఊళ్ళో మంచాలు అల్లిన చెయ్యి ఆయనది. నులక మంచం మీద పడుకున్నవాళ్ళకు ఈ సీటు సుఖం వేరే చెప్పనక్కర్లేదు. ఒంటిని బట్టి కొంచెం దిగుతుంది, గాలి ఆడుతుంది, వేసవిలో చెమట పట్టదు.

కానీ మన వంటకీ దీనికీ పడదు. చారు ఒలికితే వెంటనే తడిగుడ్డతో అద్దితే పోతుంది. ఆవకాయ నూనె మాత్రం పోదు. రెండో కుర్చీ మీద ఎనిమిదేళ్ళ కిందట పడిన చుక్క, సీటు మార్చేదాకా అలాగే ఉంది. పిల్లలు మోకాళ్ళ మీద కూర్చుంటే ముందు అంచు దగ్గర పోగులు లేచిపోతాయి. ఏడో ఏడాదికి రెండు సీట్లు జారి, అంచున తెగాయి. అల్లేవాళ్ళకు ఇస్తే చక్కగా చేసిచ్చారు గానీ, రెండు సీట్లకు అయిన కూలి నాలుగు కుర్చీల ధర కంటే ఎక్కువైంది. చేతిపనికి అంత విలువ ఇవ్వాల్సిందే, నాకు దాని మీద ఫిర్యాదు లేదు. పాత కుర్చీ కొనేవాళ్ళు మాత్రం ఆ ఖర్చు కూడా కలిపి లెక్కేసుకోవాలి.

మూడో సీటు నాన్నా నేనూ కలిసి అల్లాం. మూడు రోజులు పట్టింది. తాడును కొంచెం తడిపి, లాగి, పక్క వరసకు ఆనించి, సుత్తితో చిన్నగా తట్టి కూర్చోబెట్టాలి. నా వేళ్ళు బొబ్బలెక్కాయి. "నులకైతే కాళ్ళవైపు తాడు బిగించుకుంటే మంచం మళ్ళీ కొత్తదవుతుంది. దీనికి ఆ వీలు లేదు, మొదటే గట్టిగా లాగాలి" అని ప్రతి వరసకీ చెప్పేవారు. ఆ సీటు నాలుగేళ్ళయినా ఇంకా బిర్రుగానే ఉంది.

ఎత్తు ఇంకో సమస్య. సీటు నేల నుంచి దాదాపు 45 సెంటీమీటర్లు. ఇక్కడి మనుషుల కాళ్ళకు అది సరిగ్గా సరిపోతుంది. మా అత్తయ్య కూర్చుంటే పాదాలు నేలకు ఆనవు. ముందు కర్ర తొడల కింద నొక్కి, పావుగంటకే కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. ఆవిడ వచ్చినప్పుడల్లా కింద చిన్న పీట వేస్తాం. అందరి కోసం గీసిన కుర్చీలో మా అత్తయ్య కొలత లేదే అని నాకు అనిపిస్తుంటుంది. బాసింపట్టు వేసుకుని తినే అలవాటున్న నాన్నకు మాత్రం చేతులు లేని ఈ సీటు బాగా కుదిరింది.

భోజనానికి, కబుర్లకు గంటన్నర దాకా ఇది హాయి. వెనక చెక్క వీపు మధ్యన తగులుతుంది, నడుముకు ఆసరా ఉండదు. 2020లో ఇంటి నుంచి పని చేసినప్పుడు నెల రోజులు దీని మీదే కూర్చుని నడుము నొప్పి తెచ్చుకున్నాను. ఆఫీసు పనికి వేరే కుర్చీ కొనుక్కోండి.

ధర విషయం నన్ను బాధపెడుతుంది. 1968లో ఎఫ్‌డీబీ ఆ డిజైన్ విభాగాన్ని మూసేసింది. ఎఫ్‌డీబీ ఫర్నిచర్ అన్న పేరు మళ్ళీ 2013లో తిరిగొచ్చింది. జే39 మాత్రం ఇప్పుడు ఫ్రెడెరిసియా అనే కంపెనీ చేస్తోంది. పని శుభ్రంగా ఉంటుంది, కానీ కొత్తది ఒక్కోటి వేల క్రోనర్లు. సహకార కొట్లో సరుకులు కొనుక్కునే కుటుంబం కోసం పుట్టిన కుర్చీని అలాంటి కుటుంబం ఇప్పుడు కొత్తగా కొనలేదు. పాతవి కూడా అలంకారం కోసం కొనేవాళ్ళ వల్ల ఏటేటా పైకి పోతున్నాయి. గోడవారగా పెట్టి, మీద పూలకుండీ ఉంచిన జే39ని ఒకరింట్లో చూసినప్పుడు నాకు మనసొప్పలేదు.

పిల్లలున్న తెలుగు ఇంటికి ఏది కొనాలని అడిగితే, నేను ముందు జే46 చూడమంటాను. అదీ ఎఫ్‌డీబీదే, 1956లో పౌల్ వోల్తర్ గీశాడు. మొత్తం చెక్కే, తాడు లేదు, తుడిస్తే శుభ్రమైపోతుంది. ఎనిమిది లక్షలకు పైగా అమ్ముడైంది కాబట్టి పాతది ఇంకా తేలిగ్గా, తక్కువలో దొరుకుతుంది. జే39 మీదే మనసుంటే, కొనేముందు కుర్చీని రెండు చేతులతో పట్టుకుని పక్కకు ఊపి చూడండి. అతుకులు కదిలితే బేరమాడండి. సీటు కింద వేలు పెట్టి ముందు అంచు వెంట తడమండి, తెగిన పోగులు పైకి కనిపించవు. చెక్కలో సూదిమొన చిల్లులుండి, కింద తాజా పొడి రాలుతుంటే పురుగు ఉన్నట్టే, వదిలేయండి.

మా నాలుగో కుర్చీకి ఇంకా పాత సీటే. ముందు అంచున రెండు పోగులు తెగాయి. తాడు చుట్ట కొని అలమరలో పెట్టాను. నాన్న జూన్‌లో వస్తున్నారు. ఈసారి లాగడం తనవల్ల కాదనీ, పక్కన కూర్చుని వరసలు చూస్తాననీ ఫోన్‌లో చెప్పారు.