రోబో తర్వాత 2.0: ఎన్నిసార్లు చూసినా తీరని వెలితి

శంకర్ తీసిన రజనీకాంత్ సినిమా రోబోకు రెండో భాగం 2.0. అది విడుదలైన 2018 నవంబరు 29నే నెల్లూరులో త్రీడీ అద్దాలు పెట్టుకుని చూశాను. ఆ తర్వాత టీవీలో వేసినప్పుడల్లా, ఫోన్లో, షాపులో బేరాలు లేని మధ్యాహ్నాల్లో ముక్కలు ముక్కలుగా ఇప్పటికీ చూస్తూనే ఉన్నాను. నచ్చి కాదు, ఎక్కడ చెడిందో తేలక.

నేను సెల్‌ఫోన్లు రిపేరు చేసేవాణ్ణి. సొంతూరు దొరవారిసత్రం పక్కన, నేలపట్టు పక్షుల చెరువుకు దగ్గర్లో. (2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఆ వైపంతా తిరుపతి జిల్లాలోకి పోయింది. అడిగితే మావాళ్లు ఇప్పటికీ నెల్లూరనే చెప్తారు.) అంటే ఈ సినిమాలో కొట్టుకునే రెండు పక్షాలూ నావే. నాకు అన్నం పెట్టేది ఫోన్లు, నేను పెరిగింది పక్షుల మధ్య. ఇంతకన్నా అనుకూలమైన ప్రేక్షకుడు శంకర్‌కు ఎక్కడ దొరుకుతాడు? అయినా నాకు సినిమా ఎక్కలేదు.

మొదట రోబో గురించి మాట్లాడాలి. 2010 అక్టోబరు 1న వచ్చిన ఆ సినిమాలో గ్రాఫిక్స్ అందరికీ గుర్తుంటాయి గానీ, దాన్ని నిలబెట్టింది గ్రాఫిక్స్ కాదు. మంటల సీను గుర్తు తెచ్చుకోండి. అపార్ట్‌మెంట్ తగలబడుతుంటే రజనీ వేసిన రోబో చిట్టి ఒక్కొక్కరినీ ఎత్తుకొచ్చి కింద దించుతుంటాడు. స్నానం చేస్తున్న అమ్మాయిని కూడా అలాగే, ఒంటి మీద బట్ట లేకుండా, టీవీ కెమెరాల ముందుకు తెచ్చేస్తాడు. వాడికి ప్రాణం కాపాడటం తెలుసు, సిగ్గు అంటే తెలీదు. ఆ పిల్ల తట్టుకోలేక రోడ్డు మీదికి పరిగెత్తి బండి కింద పడి చనిపోతుంది. జనం ఎందుకు తిడుతున్నారో చిట్టికి అర్థం కాదు. వాడి ముఖంలో ఆ తెల్లబోవడం ఉంది చూశారూ, అక్కణ్ణుంచే మిగతా కథంతా పుట్టింది. వీడికి మనసు పెట్టాలని వీణ్ణి తయారుచేసిన శాస్త్రవేత్త వశీకరణ్ అనుకోవడం, మనసొచ్చాక వాడు వశీకరణ్ ప్రేయసి సనను ప్రేమించడం, కాదంటే మొండికేయడం, ముక్కలై చెత్తలో పడటం, చెడ్డవాడిగా మార్చే ఎర్ర చిప్‌తో తిరిగి లేవడం. ఒక్క సీను తీసేస్తే పక్కది కూలిపోతుంది.

నవ్వుల్లో కూడా అదే పట్టు. వందల రోబోల మధ్య మనిషి ఒకడు దూరాడని పసిగట్టి చిట్టి "మే..." అని మేకలా అరిచే సీను ఉంది కదా, థియేటర్లో పిల్లలు వారాల తరబడి అదే కూత. నవ్వొస్తుంది, వెంటనే భయమేస్తుంది. దోమతో బేరమాడే సీను అయితే ఇప్పటికీ మా ఇంట్లో సామెత. తెలుగులో రజనీకి మనో గొంతు ఎంత బాగా అతికిందంటే డబ్బింగ్ అన్న సంగతే మర్చిపోతాం. ఆరంభంలో వచ్చే పాట మా నెల్లూరు బాలు గారిది. అదో అదనపు మురిపెం, దాన్ని సమీక్షలో లెక్కేసుకోకూడదేమో గానీ నేను వేసుకుంటాను.

రోబో మాటల వెనక సుజాత ఉన్నారు. తమిళ రచయిత, అసలు పేరు రంగరాజన్, చదివింది ఇంజనీరింగ్, భారత్ ఎలక్ట్రానిక్స్‌లో ఓటింగ్ యంత్రం తయారీలో పనిచేసిన మనిషి. యంత్రం ఎలా ఆలోచిస్తుందో, ఎక్కడ తడబడుతుందో ఆయనకు చేతులతో తెలుసు. 2008లో పోయారు, సినిమా పూర్తవడం చూడలేదు. 2.0కు మాటలు రాసిన జయమోహన్ కూడా పెద్ద రచయితే, అందులో సందేహం లేదు. కానీ యంత్రం బుర్రలో కూర్చుని నవ్వించడం ఆయన దారి కాదు. చిట్టి మాట్లాడే ప్రతిసారీ నాకు ఆ లోటు తెలుస్తూనే ఉంటుంది.

ఇప్పుడు 2.0కు వద్దాం. మొదటి అరగంట బ్రహ్మాండం, దీనికి ఎవరితోనైనా వాదిస్తాను. సెల్ టవర్‌కు ఒక ముసలాయన ఉరేసుకోవడంతో సినిమా మొదలవుతుంది. తర్వాత ఊళ్లో అందరి చేతుల్లోంచీ ఫోన్లు గాల్లోకి ఎగిరిపోతాయి. రాత్రిపూట రోడ్డు పొడవునా ఫోన్ల తెరలు వెలుగుతూ, చప్పుడు చేసుకుంటూ, పురుగుల్లా పారుతూ వస్తాయి. రోజూ పొద్దున్నుంచి ఫోన్ల కడుపులు విప్పే నాకు ఒళ్లు జలదరించింది. డిస్‌ప్లే మీద వేలితో కొడితే వచ్చే ఆ పల్చటి టకటక చప్పుడును లక్షల్లో పెంచితే ఎలా ఉంటుందో, శబ్దాలు కూర్చిన రసూల్ పూకుట్టి చెవుల్లో పోశాడు. వృత్తిరీత్యా ఒక చిన్న ఫిర్యాదు మాత్రం ఉంది: అన్ని ఫోన్లలో ఒక్కదానికీ డిస్‌ప్లే పగల్లేదు. నా టేబుల్ మీద ఎప్పుడు చూసినా పగిలినవే. బ్యాటరీ ఉబ్బినది ఒక్కటి లేదు, ఛార్జింగ్ జాక్ లూజైనది ఒక్కటి లేదు. ఏ ఊరి ఫోన్లో అవి.

ఆ అరగంట అయ్యాక మ్యూజియంలో ముక్కలుగా ఉన్న చిట్టిని మళ్లీ బిగించి తెస్తారు. సినిమా అక్కడే జారిపోయింది. నాకు ఇది తేలడానికి చాలాసార్లు చూడాల్సొచ్చింది. చిట్టి తిరిగొచ్చాడు, బాగుంది. వచ్చి ఏం కోరుకుంటున్నాడు? ఏమీ లేదు. ఫోన్లన్నీ కలిసి అయిన పెద్ద పక్షి వస్తే పోయి కొడతాడు, ఓడిపోతాడు, మళ్లీ ఛార్జింగ్ పెట్టుకుని వస్తాడు. మొదటి సినిమాలో మనసు కోసం అంత గోల చేసినవాడు, చివర్లో తన ఒంటిని తానే ముక్కలుగా విప్పుకుని మన గుండె పిండినవాడు, ఇన్నేళ్ల తర్వాత కళ్లు తెరిచి ఒక్క ప్రశ్న అడగడు. నన్నెందుకు విప్పేశారు, ఇప్పుడెందుకు పిలిచారు అని కూడా అడగడు. వశీకరణ్ మీద వాడికి కోపం లేదు, బెంగ లేదు. సన సంగతి ఇంకా ఘోరం. రోబోలో కథ ముడి అంతా ఆమె చుట్టూ ఉంటే ఇక్కడ ఆమె ఫోన్లో గొంతు మాత్రమే. అమీ జాక్సన్ వేసిన ఆడ రోబో పాపం కథలో ఎర్ర చిప్ పెట్టడానికి పనికొచ్చింది, అంతే.

ఈ వెలితిని సైజుతో పూడ్చాలని చూశారు. రోబోలో చివర వందల చిట్టీలు కలిసి బంతిలా, గోడలా, పాములా మారితే నోళ్లు వెళ్లబెట్టి చూశాం. ఇక్కడ ఫోన్లన్నీ కలిసి పక్షి అవుతాయి, అటువైపు చిట్టీలూ కలిసిపోయి పెద్ద రోబో అవుతారు. రెండు కొండలు గుద్దుకుంటుంటే స్టేడియం అంతా దుమ్ము. ఎవరు ఎవర్ని ఎందుకు కొడుతున్నారో మధ్యలో నాకు ఆసక్తి పోతుంది, ఇప్పటికీ అక్కడికి రాగానే లేచి టీ తాగొస్తాను.

పక్షిరాజు దగ్గరికి వస్తే మాత్రం మాట మారుతుంది. అక్షయ్ కుమార్‌కు ఇది తొలి తమిళ సినిమా. మొదట్లో టవర్‌కు ఉరేసుకున్న ముసలాయన ఈయనే, పిట్టల కోసం ఇంటినే వనంగా మార్చుకున్న ప్రొఫెసర్; చచ్చాక ఆయన ఆత్మే ఆ ఫోన్ల పక్షి. సెల్ టవర్ల రేడియేషన్ పిట్టల్ని చంపుతోందని కంపెనీ దగ్గరికి పోతాడు, మంత్రి దగ్గరికి పోతాడు, జనం దగ్గరికి పోతాడు, ఎవడూ ఫోన్లోంచి తలెత్తడు. మన పక్షి శాస్త్రవేత్త సలీం అలీ గారిని గుర్తుకు తెచ్చే వేషం, నడక. సినిమాలో నిజంగా మనసున్నవాడు ఈయనొక్కడే. చిక్కు కూడా ఇదే. ఏదో కోసం బతికి, ఏడ్చి, చచ్చినవాడు విలన్, ఏ బాధా లేనివాడు హీరో. ఎవరికి విజిలేయాలి? థియేటర్లో నా పక్కన కూర్చున్న మా మేనల్లుడు "మామా, ఆ తాతను ఎందుకు కొడుతున్నారు?" అన్నాడు. వాడికప్పుడు చెప్పలేకపోయాను, దర్శకుడు కూడా చెప్పలేదు. చివర్లో ఆ ముసలాయన మాటలోనూ న్యాయం ఉందని వశీకరణ్ చేత అనిపించి చేతులు దులుపుకున్నారు. అంత న్యాయముంటే ఆ మాట మధ్యలోనే చిట్టికి తట్టాలి కదా. నేను ఎవరి వైపు నిలబడాలని చిట్టి ఆలోచనలో పడి ఉంటే, అదీ రోబోకు అసలైన రెండో భాగం.

పక్షుల సంగతి నాకు కొంచెం ఎక్కువ పట్టింపు. సినిమాలో పిట్టలు ఆకాశం నుంచి టపటపా రాలిపోతుంటాయి. నేలపట్టు చెరువులో పక్షుల బతుకు, చావు అంత తేలిగ్గా కనపడవు. వానలు పడ్డాక గూడబాతులు (పెలికాన్లు) వస్తాయి, నీళ్లలో సగం మునిగి ఉండే కడప చెట్ల మీద గూళ్లు కడతాయి. పిల్ల గూడబాతు తల్లి ముక్కు సంచిలోకి మెడ దాకా తల దూర్చి చేపను లాక్కుంటుంది. మొదటిసారి చూసినవాళ్లు తల్లే పిల్లను మింగేస్తోందని హడలిపోతారు. చెట్ల కింద చేపల కంపు, రెట్ట కంపు. ఆ రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలాలకు పారితే పైరుకు బలమని మావాళ్లు వాటిని తరమరు. చెరువులో నీళ్లు తగ్గిన ఏడాది పక్షులూ తగ్గుతాయి. వాటి అదృష్టం ఈశాన్య రుతుపవనాల చేతిలో ఉంటుంది, సెల్ టవర్ల మాట మా ఊళ్లో ఎవరూ ఎత్తగా వినలేదు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచే పోతుంది. ఒక చివర రాకెట్ కేంద్రం, దారికి రెండు వైపులా నీళ్లలో ఫ్లెమింగోలు తల వంచుకుని మేస్తుంటాయి. దీన్ని రుజువుగా చూపడం లేదు. పక్షిరాజు ఒక్కసారి ఈ రోడ్డెక్కి ఉంటే కథ ఇంకాస్త చిక్కగా ఉండేదని మాత్రం అంటాను.

రేడియేషన్ గురించి సినిమా చెప్పినదానికీ శాస్త్రానికీ దూరం ఉంది. విడుదలకు ముందే టెలికం కంపెనీల సంఘం సెన్సార్ బోర్డుకు ఫిర్యాదు చేసింది. వాళ్ల స్వార్థం వాళ్లది అనుకుందాం. 2020లో వచ్చిన దేశవ్యాప్త పక్షుల నివేదిక కూడా పిచ్చుకలు దేశం మొత్తం మీద నిలకడగానే ఉన్నాయని, పెద్ద నగరాల్లో తగ్గాయని చెప్పింది. టవర్లే కారణమనడానికి అందులో ఆధారం దొరకలేదు. మన దేశంలో టవర్ల రేడియేషన్ పరిమితిని 2012 సెప్టెంబరులోనే అంతర్జాతీయ పరిమితిలో పదో వంతుకు తగ్గించారు. అయితే వలస పక్షులకు భూ అయస్కాంతం దారి చూపుతుందని సినిమాలో అన్న మాట మాత్రం గాలి కబురు కాదు. జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్‌లో రాబిన్ పిట్టల మీద చేసిన పరిశోధన 2014లో అచ్చయింది. నగరంలోని విద్యుదయస్కాంత గోలలో అవి దిక్కు తప్పాయి. కానీ ఆ గోల ఏఎం రేడియో స్థాయిది, సెల్ సిగ్నల్ పౌనఃపున్యం దానికన్నా చాలా పైన ఉంటుంది. ఎంత మంచి ముడి సరుకు చూడండి! ఒక శాస్త్రవేత్త సగం నిజం పట్టుకుని దాని కోసం ప్రాణం తీసుకోవడం. దాన్ని వదిలేసి ఆత్మ, ఆరా, నెగటివ్ శక్తి అని మంత్రాల్లోకి దిగిపోయారు. సైన్స్ ఫిక్షన్ అని టిక్కెట్టు కొంటే దెయ్యాల సినిమా తగిలింది. ఆ నెలంతా షాపుకొచ్చినవాళ్లు "అన్నా, రేడియేషన్ తగ్గించే స్టిక్కర్ ఉందా?" అని అడగడమే. నా దగ్గర లేదన్నాను. పక్క షాపులో అమ్మారు, బాగానే పోయాయి.

త్రీడీ మీద ఒక మాట. దీన్ని మొదటి నుంచీ త్రీడీ కెమెరాలతోనే తీశారు, తర్వాత మార్చింది కాదు. థియేటర్లో ఆ లోతు నిజంగా కనపడింది, నిరవ్ షా కెమెరాకు దండం పెట్టాలి. కానీ ఇంట్లో టీవీకి వచ్చేసరికి అసలు రంగు బయటపడింది. మన ముఖం మీదికి విసరడానికే తీసిన షాట్లు ఎన్ని ఉన్నాయో అప్పుడు తెలుస్తుంది. ఏదో ఒకటి కెమెరా వైపు దూసుకొచ్చి ఒక క్షణం ఆగుతుంది, మనం ఖాళీగా ఎదురుచూస్తాం. రోబోకు ఈ బాధ లేదు, ఫోన్ తెర మీద చూసినా అంతే పట్టుగా ఉంటుంది. సూళ్లూరుపేట దగ్గర వంద అడుగులకు పైగా వెడల్పున్న తెరతో థియేటర్ తెరిచింది 2019 ఆగస్టులో, సాహోతో. 2.0 కాస్త ఆగి వచ్చి ఉంటే దాన్ని చూడాల్సిన చోటు అదే. ఎలాగూ చాలాసార్లు వాయిదా పడింది, ఇంకో ఏడాది పడినా పోయేది లేదు.

నచ్చినవి దాచను. ఎర్ర చిప్ పెట్టగానే రోబోలోని పాత చెడ్డ చిట్టి (వాడి పేరూ 2.0నే) తిరిగొచ్చే ఆ కొద్ది నిమిషాలు రజనీ ఒక్కడే సినిమాను మోస్తాడు. ఆ వెటకారపు నవ్వు, ఆ నడక, నెల్లూరులో ఆ రోజు కాగితాలు ఎగిరాయి. చివర్లో పావురాల మీద ఎక్కి వచ్చే బుల్లి 3.0 చిట్టీలు మా మేనల్లుడికి ప్రాణం. ఇప్పుడు ఇంటర్‌కు వచ్చాడు, అయినా ఆ సీను వస్తే చదువు పక్కన పెట్టేస్తాడు. నాకైతే ముద్దుగా ఉన్నారనిపించింది. అయితే పక్షుల కోసం చచ్చినవాణ్ణి పక్షుల్నే అడ్డం పెట్టుకుని లొంగదీయడం కాస్త అన్యాయంగానూ అనిపించింది. అది అన్యాయమని సినిమాకు తెలిసినట్టు లేదు.

ఇప్పటికీ చూడనివాళ్లు ఉంటే నా సలహా: ముందు రోబో పూర్తిగా చూడండి. తర్వాత 2.0 మొదటి అరగంట, పక్షిరాజు ఫ్లాష్‌బ్యాక్, ఎర్ర చిప్ సీను, ఈ మూడూ చూడండి. పెద్ద టీవీ, మంచి స్పీకర్లు ఉంటేనే పెట్టండి, ఫోన్లో దండగ. పిల్లలుంటే చివరి బుల్లి చిట్టీల దాకా వదలరు కాబట్టి మధ్యలో స్టేడియం కొట్లాట భరించక తప్పదు. మార్కులంటే ఐదుకు రెండు. ఒకటి అక్షయ్ కుమార్‌కు, ఒకటి గ్రాఫిక్స్ చేయించిన శ్రీనివాస మోహన్‌కు.